‘ఘాజీ’ చిత్రము: కథ యెంత? నౌకాదళ విజ్ఞానమెంత?

సంకల్ప్ రెడ్డి దర్శకత్వమున 2017 ఫిబ్రవరిలో తెలుగు, హిందీ భాషలలో విడుదలయిన ‘ఘాజీ’ ఆ సంవత్సరపు ఉత్తమ తెలుగు చిత్రముగా జాతీయ పురస్కారము పొందినది. వినోదముగా దాని మంచిచెడ్డలు విచారించినవారు పలువురున్నారు. ఇక్కడ తలపెట్టిన విచారణ వేరు. కర్నూలు జిల్లా ఆలూరువంటి ఊరిలో చదువుకొనే బాలునికి తూర్పునకు పోయినా, పడమటికి పోయినా సముద్రము సుమారు మూడు వందల కిలోమీటర్ల దూరము. అతడెరిగిన నీరు వానకై ఎదురుచూచే చెరువులోనిది, వేసవిలో అడుగంటే బావిలోనిది. అట్టి బాలుడు నౌకాదళమును గురించి మొదట తెలిసికొనేది ఇటువంటి చిత్రము వలననే. పెక్కుసారులు కడపట తెలిసికొనేదీ దానివలననే. కాబట్టి ఈ చిత్రము ఏమి నేర్పుచున్నదో, ఏమి నేర్పక విడిచినదో ఉపాధ్యాయుడు ఎరిగియుండుట అవసరము.

కథ క్లుప్తముగా ఇది. 1971లో మన విమానవాహక నౌక విక్రాంత్‌ను ముంచుటకై పాకిస్తాను జలాంతర్గామి ఘాజీ విశాఖపట్టణమువైపు వచ్చును. దానిని కనిపెట్టుటకు ఎస్-21 అను మన జలాంతర్గామిని పంపుదురు. పైవారి ఆజ్ఞ లేనిదే దాడి చేయరాదను నిబంధనకు, కెప్టెన్ ఆవేశమునకు నడుమ ఘర్షణ పుట్టును. ఘాజీ అమర్చిన మైను ప్రేలి ఎస్-21 దెబ్బతినును. తుదకు ఆ దెబ్బతిన్న నావయే టార్పెడో ప్రయోగించి ఘాజీని ముంచును. కె.కె. మీనన్, రానా దగ్గుబాటి, అతుల్ కులకర్ణి అధికారుల పాత్రలు ధరించినారు.

చిత్రములోని మేలును ముందు చెప్పుట న్యాయము. కథలో ఎక్కువభాగము జలాంతర్గామి లోపలనే నడచును. గొట్టములు, కవాటములు, లోతును చూపే ముల్లు, చెవులకు శ్రవణయంత్రము తగిలించుకొని కూర్చున్న నావికుడు — ఇవి అలంకారములుగా గాక కథను నడిపే సాధనములుగా కనిపించును. నీటి అడుగున కన్ను పనికిరాదు, చెవియే ఆధారమను విషయము పామరునికి సైతము అర్థమగును. ఇది చిన్న విజయము కాదు.

ఇక శాస్త్రవిషయములు. ఖాళీ బిందెను బావినీటిపై నిలిపిన తేలును. నీరు నింపిన మునుగును. లోని నీటిని మరల వెడలగొట్టే ఉపాయమున్నచో తిరిగి తేలును. జలాంతర్గామి చేసేది ఇదే. దాని దృఢమైన లోపలి గోడకు వెలుపల నీటితొట్లు ఉండును. మునుగుటకు వానిలోనికి సముద్రజలమును రానిత్తురు. తేలుటకు సీసాలలో అదిమియుంచిన గాలిని వదలి ఆ నీటిని వెళ్ళగొట్టుదురు. విశాఖ సముద్రతీరమున ప్రదర్శనశాలగా ఉన్న కుర్సురా జలాంతర్గామి నీటిపై తేలినపుడు సుమారు 1,950 టన్నుల నీటిని, మునిగినపుడు సుమారు 2,475 టన్నుల నీటిని తొలగించును. ఈ భేదము చాలవరకు ఆ తొట్లలోనికి వచ్చే నీరే. ఆర్కిమిడీస్ సూత్రమునకు ఇంతకంటె పెద్ద ఉదాహరణము మన రాష్ట్రములో దొరకదు.

చిత్రములో దెబ్బతిన్న ఎస్-21 ముందుకు నడువలేక, పైకి, క్రిందికి మాత్రమే కదలగల స్థితికి వచ్చును. ఊహ అసంభవము కాదు; మోటారు చెడినను తొట్లు, గాలి పనిచేయవచ్చును. కాని ఆ కదలికతోనే శత్రువు టార్పెడోలను తప్పించుకొనుట నమ్మదగినది కాదు. రెండు వేల టన్నులకు మించిన బరువు లేచుటకును దిగుటకును కాలము పట్టును. టార్పెడో సెకనుకు పదునైదు, ఇరువది మీటర్ల వేగముతో వచ్చును. కిలోమీటరు దూరము దాటుటకు దానికి ఒక్క నిమిషము చాలును. అదియుగాక, నడచుచున్న జలాంతర్గామి తన ప్రక్కలనున్న రెక్కల సాయముతో లోతును నిలుపుకొనును. నిలిచిపోయినదానికి ఆ సాయము లేదు. సీసాలలోని గాలి అక్షయపాత్ర కాదు. పైకి లేచిన ప్రతిసారి అది తరుగును. ఆ లెక్క చిత్రములో ఎవరూ వేయరు.

రెండవది ధ్వని. గాలిలో సెకనుకు సుమారు 340 మీటర్లు పోయే ధ్వని సముద్రజలములో సుమారు 1,500 మీటర్లు పోవును. సోనారును రెండు విధముల వాడుదురు. ధ్వనిని పంపి ప్రతిధ్వనిని వినుట ఒకటి. ఏమియు పంపక ఎదుటివాని చప్పుడును వినుట రెండవది. మొదటిదానివలన శత్రువు దూరము తెలియును గాని, మన ఉనికి కూడ అతనికి తెలియును. అందుచేత జలాంతర్గామికి మౌనమే కవచము. చిత్రములో నావికులు జాతీయగీతమును గొంతెత్తి పాడి శత్రుకెప్టెన్‌ను రెచ్చగొట్టుదురు. ప్రేక్షకుని ఒడలు పులకరించుట సహజమే. కాని గొంతులోని ధ్వని గాలినుండి ఉక్కుగోడకు, గోడనుండి నీటికి మారునపుడు చాలవరకు వెనుకకు పరావర్తనము చెందును. దగ్గరనున్న శత్రువునకు ఏదో అలికిడి వినిపించవచ్చును గాని, పాట పాటగా వినిపించుట సందేహము. ఈ ఒక్క ఘట్టము పట్టుకొని తొమ్మిదవ తరగతిలో ధ్వని పాఠము చెప్పవచ్చును.

ఈ లోపములను కథకుని స్వేచ్ఛగా మన్నింపవచ్చును. చరిత్ర విషయములో మాత్రము ఉపాధ్యాయుడు ఉదాసీనుడుగా ఉండరాదు. ఘాజీ అమెరికాలో ‘డయాబ్లో’ అను పేరుతో 1944లో జలప్రవేశము చేసి, 1964లో పాకిస్తానుకు ఇయ్యబడినది. బంగాళాఖాతము దాక వచ్చి పనిచేయగల జలాంతర్గామి ఆ దేశమునకు అప్పుడు ఇదొక్కటే. 1971 నవంబరు 14న కరాచీ విడిచిన ఈ నావ డిసెంబరు 3–4 తేదీల నడిరాత్రి విశాఖ వెలుపల మునిగిపోయినది. అందులోని తొంబదిమందికి పైగా నావికులలో ఒక్కరును బ్రతుకలేదు.

మునుగుటకు కారణమేమి? రాజపుత్ అను మన డిస్ట్రాయరు నౌక రేవు దాటి వచ్చుచు, అనుమానము కలిగినచోట నీటిలో ప్రేలే డెప్త్ చార్జీలను విడిచినది; వానివలననే ఘాజీ మునిగినదని మన నౌకాదళము చెప్పినది. తాను అమర్చుచున్న మైను తనకే తగిలినదని పాకిస్తాను వాదము. బ్యాటరీలకు విద్యుత్తు ఎక్కించునపుడు వెలువడే హైడ్రోజను పోగుపడి లోపలనే ప్రేలియుండవచ్చునని మరికొందరి ఊహ. మన సేనలలో పనిచేసినవారు సైతము దీనిపై ఒకే మాట చెప్పలేదు. ఈ వాదములలో వేటిలోను టార్పెడో ప్రయోగించిన భారతీయ జలాంతర్గామి లేదు. ఎస్-21 అను సంఖ్య నిజమునకు కరంజ్ అను మన జలాంతర్గామిది. యుద్ధమునకు ముందు దినములలో అది ఉన్నది అరేబియా సముద్రములో.

తాను కల్పితకథనని చిత్రము ఆరంభములో ప్రకటించుకొన్నది. కాని ఊరి పేరు, శత్రునౌక పేరు, సంవత్సరము నిజమైనవిగా ఉంచి, జరిగినదానిని మాత్రము మార్చినపుడు ఆ ప్రకటన ఎందరికి జ్ఞాపకముండును? విజ్ఞానశాస్త్రము చదువువానికి ‘ఇది ఇంకను తేలలేదు’ అనుట చిన్నతనము కాదు. మూడు వాదములను, వాని ఆధారములను ఎదుట పెట్టుకొని తూచుట అతనికి విద్య. చిత్రము ఆ తూనికను తొలగించి తీర్పు నొకదానిని చేతికిచ్చినది.

అంతకంటె పెద్ద కొరత నిర్మాణమునకు సంబంధించినది. ఆజ్ఞకై వేచియుండుట వీరునికి సంకెలయని చిత్రము తోపింపజేయును. నౌకాదళము అట్లు నడువదు. 1950 జనవరి 26న భారత నౌకాదళమను పేరు దాల్చిన ఈ సంస్థ 1967 డిసెంబరులో కల్వరి రాకతో జలాంతర్గామి శాఖను, 1968 మార్చిలో విశాఖ కేంద్రముగా తూర్పు కమాండును ఏర్పరచుకొన్నది. పడమటి కమాండు ముంబయిలోను, దక్షిణపు కమాండు కొచ్చిలోను ఉన్నవి. నీటి అడుగున నున్నవానికి ఎదుట వినవచ్చే చప్పుడు శత్రువుదో, స్వజనులదో తేల్చుకొనుట కష్టము. ఏ ప్రాంతమున ఏ నావ ఉన్నదో తీరముననున్న కమాండునకు తెలియును. కాబట్టి హద్దులు నిర్ణయించి, గుర్తించినగాని కాల్చవద్దని కట్టడి చేయుదురు. అది పిరికితనము కాదు, ప్రాణరక్షణ.

1971లో విక్రాంత్‌ను కాపాడినది కూడ ఇట్టి ఏర్పాటే. తూర్పు కమాండు అధిపతి వైస్ అడ్మిరల్ కృష్ణన్ విక్రాంత్‌ను అండమాను దీవులవైపు పంపి, అది విశాఖ ప్రాంతముననే ఉన్నట్లు రాజపుత్‌చేత తప్పుడు వార్తలు పంపించినాడు. బాయిలరు పగుళ్ళవలన విక్రాంత్ పూర్తివేగముతో పోలేని స్థితిలో ఉన్నదని గుర్తుంచుకొన్న ఈ ఉపాయము విలువ తెలియును. దీనిలో వైర్‌లెస్ నడిపినవారు, బాయిలరును కనిపెట్టుకొని ఉన్నవారు, ఇంధనము సమకూర్చినవారు ఎందరో ఉన్నారు. చిత్రమునకు వీరు కనిపించలేదు.

కుర్సురా కథ దీనికి మంచి విరుగుడు. సోవియట్ దేశమున నిర్మితమై 1969 డిసెంబరులో మన నౌకాదళమున చేరిన ఈ నావ పొడవు సుమారు 91 మీటర్లు, వెడల్పు ఏడున్నర మీటర్లు. అందులో సుమారు 75 మంది బ్రతుకు. టార్పెడో గొట్టములు ముందర ఆరు, వెనుక నాలుగు. 1971 నవంబరు 18 నుండి 30 వరకు అది అరేబియా సముద్రములో, ఇచ్చిన హద్దులు దాటక, నిశ్చయముగా గుర్తించిన నౌకలనే కొట్టవలెనను ఆజ్ఞతో కాపలా కాచినది. ఒక్క టార్పెడో విడువకయే డిసెంబరు 4న బొంబాయి చేరినది. సినిమాకు ఇందులో కథ లేదు. నౌకాదళమునకు ఇదియే నిత్యకృత్యము. ఆ యుద్ధములోనే డిసెంబరు 9న పాకిస్తాను జలాంతర్గామి హంగోర్ మన ఖుక్రీ నౌకను ముంచినది. 194 మంది మరణించినారు. జయమును మాత్రమే చూచినవానికి ఇది తెలియదు.

కాగా ‘ఘాజీ’ని విద్యార్థులకు చూపవలదని నా అభిప్రాయము కాదు; చూపవలెను. జలాంతర్గామి లోపలి గాలిని, భయమును, క్రమశిక్షణను కనులకు కట్టించుటలో దానికి సాటి తెలుగులో వేరొకటి లేదు. కాని చిత్రము ముగిసిన మరునాడు నల్లబల్లపై రెండు వరుసలు గీయవలెను: చిత్రము చెప్పినది ఒక ప్రక్క, ఆధారములు చెప్పినది మరియొక ప్రక్క. విశాఖకు విహారయాత్ర సాధ్యమయిన పాఠశాల కుర్సురాలోని ఇరుకైన నడవలో పిల్లలను నడిపించి, డెబ్బదియైదుమంది అక్కడ పగలు రాత్రి ఎట్లు బ్రతికినారో అడుగవలెను. అంత దూరము పోలేని ఆలూరు బడికి ఒక బిందె, ఒక బావి ఉన్నవి. మొదటి పాఠమునకు అవి చాలును.