అద్భుతప్రధానములగు వీడియోక్రీడలలో యుద్ధనియమౌచిత్యము

వీడియోక్రీడ దృశ్యకావ్యమువలెఁ గంటికిఁ గానవచ్చుచుఁ జదరంగమువలె నియమములచే నడచు మిశ్రసృష్టి. తెరమీఁద నొక వీరుఁడు ఖడ్గమెత్తి ఘోరభూతముతోఁ బోరుచుండఁగా నా పోరును నడపువాఁడు తెర కీవల మీటలు నొక్కుచున్న యాటగాఁడు. వీరునికిఁ దగిలిన దెబ్బ కథలో గాయము. ఆటలో నొక యంకెయొక్క తగ్గుదల. ఆటల నియమములు నిజములనియు, నవి చూపు లోకము కల్పితమనియు డెన్మార్కు దేశపు పండితుఁడు యెస్పర్ యూల్ 2005లో వెలువడిన తన గ్రంథమునఁ బ్రతిపాదించెను. ఈ నిజమునకును నా కల్పనకును బొందిక కుదిరినచో రచన రసవంతమగును. కుదురనిచో నాటగాని మనస్సున శంక పుట్టును. ఆ శంక విశేషముగాఁ బుట్టుచోటు యుద్ధము. సంభాషణలో నియమము కొంత సడలినను హాని స్వల్పము. యుద్ధమున సడలినచో వీరుఁడు కూలును; ఆటగాఁడు గడియలకొలఁది పడిన శ్రమ వ్యర్థమగును. కావున నద్భుతక్రీడలలోని యుద్ధనియమముల కేది ప్రమాణమను ప్రశ్న విచారింపఁదగినది.

ఈ విషయమున విమర్శకులు రెండు తెగలుగా నున్నారు. "లోకమున నిట్లు జరుగదు" అనునది మొదటి తెగవారి యాక్షేపము. ఐరోపాఖండమున మధ్యయుగాంతమునందు వాడిన దీర్ఘఖడ్గములు సామాన్యముగా 1 మొదలు 1.5 కిలోగ్రాముల తూనిక గలవి. జపానుదేశపు స్క్వేర్ సంస్థ 1997లో వెలువరించిన 'ఫైనల్ ఫాంటసీ 7' అను క్రీడలో నాయకుఁడగు క్లౌడ్ నిలువెత్తు వెడల్పుకత్తిని లీలగాఁ ద్రిప్పును. అట్టి కత్తి నట్లు త్రిప్పుట మానవసాధ్యము కాదని వీరి వాదము. "మంత్రములును భూతములును గలచోట లోకరీతి యేల?" అనునది రెండవ తెగవారి సమాధానము. మొదటివా రద్భుతమునకు లోకమునే కొలబద్దగాఁ బెట్టి దాని నడఁచుదురు. రెండవవారు కొలబద్దయే వలదని దానిని విచ్చలవిడిఁ జేయుదురు. ఈ రెండు పక్షములును నిలువవు.

వాక్యమున కర్థబోధ కలుగవలెనన్న నాకాంక్షయు, యోగ్యతయు, సన్నిధియు నుండవలెనని శాస్త్రకారులు చెప్పుదురు. నిప్పుతోఁ దడుపుచున్నాఁడనిన వాక్యమునకు యోగ్యత లేదు. తడుపుటకు నిప్పు సాధనము కానేరదు. కాని నిప్పు నీరువలెఁ బాఱునట్టి లోకమును గవి ముందుగాఁ గల్పించి పాఠకునిచే నంగీకరింపఁజేసెనేని యా వాక్యమే యోగ్యమగును. యోగ్యత వస్తుస్వభావము ననుసరించును. అద్భుతకల్పనలో నా స్వభావమును నిర్ణయించు నధికారము కవిది. ఒకసారి నిర్ణయించిన పిదప దానికిఁ గవియు బద్ధుఁడు. ఇంగ్లీషు రచయిత టోల్కీన్ అద్భుతకథలనుగుఱించి 1939లోఁ జేసి 1947లోఁ బ్రకటించిన ప్రసంగమున, కల్పితలోకము తనలోఁ దాను బొందిక గలదై యున్నప్పుడే విశ్వాసపాత్రమగునని చెప్పినదియు నీ యాశయమే. క్లౌడుని కత్తి యీ కొలతకు లోఁబడినదే. ఆ లోకమున వీరుల బలము మొదటినుండియు నట్టిదిగాఁ జూపఁబడినది. కత్తి యొకచోట దూదివలెను మఱియొకచోట నినుమువలెను వర్తింపదు. కావున నది లోకవిరుద్ధమే కాని స్వవచనవిరుద్ధము కాదు. దోషమని యెన్నఁదగినది రెండవది మాత్రమే.

అట్లైన లోకానుభవము నిరర్థకమా యన్నచో, కాదు. లోకముచేఁ దెలియుచున్న దానిని శాస్త్రము మరల బోధింపనక్కఱ లేదని వైయాకరణుల మతము. శాస్త్రము మౌనము వహించినచోట లోకమే ప్రమాణము. క్రీడలందును నంతే. నిప్పు కాల్చునని నిర్మాత యాటగానికిఁ జెప్పనక్కఱ లేదు, కాల్పదేని చెప్పవలెను. ఈ మర్మము నెఱిఁగి నిర్మింపఁబడిన క్రీడ నింటెండో సంస్థవారు 2017లో వెలువరించిన 'ది లెజెండ్ ఆఫ్ జెల్డా: బ్రెత్ ఆఫ్ ది వైల్డ్'. అందుఁ గఱ్ఱతోఁ జేసిన డాలు మంటకుఁ గాలును. వాన కురియునపుడు నిప్పుబాణము వెలుఁగదు. ఉఱుములు మెఱపులు గల గాలివానలో లోహాయుధము ధరించి తిరుగువాని నెత్తిఁ బిడుగు పడును. ఆ యాయుధమునే తీసి శత్రువుల నడుమఁ బడవేసినచో బిడుగు వారిమీఁదఁ బడును. ఈ యుపాయమును దనకుఁ దానే కనుఁగొన్న యాటగాని సంతోష మింతంతయని చెప్పరాదు. దానికిఁ గారణము, నిర్మాత చెప్పని మాటను లోకజ్ఞానముచే నూహించి యాటగాఁడు పరీక్షింపఁగా నది నెగ్గుట. వాస్తవికతయొక్క యసలు ప్రయోజన మిదియే: ఆటగాఁ డూహింపఁగలుగుట.

ఈ క్రీడయందే మఱియొక నియమముపై నాక్షేపము బహుళముగా వినవచ్చును. ఇందలి కత్తులు కొన్ని దెబ్బలకే విఱిగిపోవును. ఉక్కుకత్తి యింత పెళుసా యని యడుగుదురు. లోకరీతి కిది దూరమే. ఐనను నిది యుత్సర్గముగా నందఱికిఁ దెలుపఁబడి యన్ని యాయుధములయందుఁ బ్రవర్తించుచున్నది. దీనికి 'మాస్టర్ స్వోర్డ్' అను దివ్యఖడ్గ మపవాదము. అది విఱుగదు, తేజస్సు నశించి పది నిమిషములు విశ్రమించి మరలఁ దేజోవంతమగును. ఆ యపవాదమునకు హేతువు ఖడ్గముయొక్క దివ్యత్వమునందే యున్నది. అపవాదము వచనముచేఁ దెలుపఁబడి సహేతుకమైనచో నుత్సర్గమునకు బలమే చేకూర్చును.

ఇఁక దోషముల విచారము. మొదటిది సంజ్ఞాదోషము. గేరీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనువారు 1974లో వెలువరించిన 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' అను బల్లమీఁది యాట నేఁటి యద్భుతక్రీడలలోఁ బెక్కింటికి మాతృస్థానము. వీరుని ప్రాణబలము నంకెతో లెక్కించు పద్ధతి క్రీడల కందుండి సంక్రమించినది. ఆ యంకెలను 'హిట్ పాయింట్లు' అందురు. అనుభవము పెరిగినకొలఁది వీరున కీ యంకె పెరుగును. సామాన్యు నొక్కవ్రేటునఁ జంపు ఖడ్గము మహావీరుని పదివ్రేట్లకును జంపదు. మాంసమునకు మాంసమున కింత భేద మేల యను శంకకు గైగాక్స్ 1979 నాఁటి తన గ్రంథమున, నీ యంకె దేహబలము మాత్రమే కాదనియు, యుద్ధనైపుణ్యము, నదృష్టము, దైవానుగ్రహము నందుఁ జేరియున్నవనియు సమాధానము చెప్పెను. సమాధానము చక్కనిదే. కాని తగ్గిన యంకెను మరలఁ బెంచు మంత్రమునకు స్వల్పగాయముల మాన్పునదియని పేరు! పోయిన దదృష్టమైనచో గాయమును మాన్పు మంత్ర మేల? పైఁగా నది యొకటి మొదలు ఎనిమిది వఱకు మాత్రమే యంకెను బెంచును. కొనయూపిరితో నున్న పల్లెవాని నది సంపూర్ణస్వస్థునిఁ జేయును. మహావీరుని గీఱుడునైనను దీర్పఁజాలదు. సంజ్ఞ యొకయర్థమునఁ జేయఁబడి విధి మఱియొకయర్థమునఁ బ్రవర్తించుట యిట్టిది. వృద్ధి యని సంజ్ఞ చేసి పాణిని వర్ణకార్యవిధులయందు నా యర్థమునందే వాడెను. నడుమ నొకచోట నెదుగుదల యను లోకార్థమును దెచ్చెనేని వ్యాకరణము నిలిచెడిదా?

రెండవది చెప్పని యపవాదము. పైనఁ బేర్కొన్న 'ఫైనల్ ఫాంటసీ 7'లో యుద్ధమునఁ గూలినవారిని ఫీనిక్సు పక్షియీఁకతో మరల లేపవచ్చును. ఆటగాఁడు దాని నెన్నియోమార్లు వాడియుండును. కథామధ్యమున నాయకుని సహచారిణియగు ఏరిత్ ప్రార్థించుచుండఁగా సెఫిరోత్ వెనుకనుండి కత్తితోఁ బొడిచి చంపును. ఆమె మరల లేవదు. సంచిలో నీఁక లుండఁగా నొక్కఁడును వానిని దలఁపఁడు. ఈ ఘట్టము లక్షలకొలఁది యాటగాండ్రచేఁ గన్నీరు పెట్టించినది. దాని కరుణరసమునుగుఱించి వివాదము లేదు. కాని యా కన్నీటినడుమనే "ఈఁక యేమైనది?" అను ప్రశ్నయుఁ బుట్టినది, నేఁటికిని జావలేదు.

దీనికిఁ బరిహార మొకటి గలదు. జపానుభాషలో నీ క్రీడామాలయందుఁ గూలినవాని స్థితికి 'సెంతో ఫునో' యని పేరు. పోరాడుటకు శక్తి లేమి యని దాని యర్థము. వ్యాకరణమున లోపమనఁగా నాశము కాదు, కనఁబడకుండుట. లోపించిన ప్రత్యయముయొక్క కార్యము నిలిచియే యుండును. ఈఁక లోపించినదానిని మరలఁ గనఁబఱచును, నశించినదానిని బుట్టింపదు. పరిహారము యుక్తమే. ఐనను దానిని జెప్పవలసినది క్రీడ, వ్యాఖ్యాత కాదు. ఎవఁడో యొకఁ డీఁక నెత్తి, యది పనిచేయకుండుటఁ జూచి దింపివేసిన నొక్కక్షణ మా ఘట్టమునఁ జూపినచో సంజ్ఞయుఁ దెలిసెడిది, కరుణము నినుమడించెడిది. బెల్జియముదేశపు లేరియన్ సంస్థవారు 2023లో వెలువరించిన 'బాల్డర్స్ గేట్ 3'లోఁ గూలుటయు మరణించుటయు వేఱని నియమమే తెలుపును. కూలినవాఁడు పాచికల పరీక్షలో మూఁడుమార్లు తప్పినప్పుడు మాత్రమే మరణించును. ఇట సంజ్ఞయు విధియు నేకార్థములు.

చెప్పిన నియమమును నిలుపుటవలన రసమెట్లు పండునో తెలియుటకుఁ గర్ణుని శక్తి యుత్తమోదాహరణము. సహజకవచకుండలముల నిచ్చి యింద్రునివలనఁ బొందిన యా యాయుధ మొక్కనిమీఁద నొక్కసారి మాత్రమే ప్రయోగింపఁదగినది. కర్ణుఁడు దాని నర్జునునికై దాఁచియుంచెను. ద్రోణపర్వమున రాత్రియుద్ధమందు ఘటోత్కచుఁడు కౌరవసేనను నాశనము చేయుచుండఁగా వేఱు గతి లేక వానిపైఁ బ్రయోగించెను. శక్తి యింద్రునిఁ జేరెను. పాండవులు దుఃఖించుచుండఁగాఁ గృష్ణుఁ డొక్కఁడు సంతోషించెను. అస్త్ర మంతయు నద్భుతమే. లోకమున నట్టిది లేదు. ఐనను నొక్కసారి యను నియమమును గవి తప్పనందుననే ఘటోత్కచుని మరణ మర్జునునికిఁ బ్రాణదాన మయ్యెను. ఏదో యొక నెపమున రెండవమా రా శక్తి కర్ణునిచేతికి వచ్చెనేని యంతకు ముందరి కథ యంతయు బూడిదలోఁ బోసిన పన్నీ రయ్యెడిది.

మూఁడవది పక్షపాతదోషము, నియమ మొకనికిఁ జెల్లి వేఱొకనికిఁ జెల్లకుండుట. హిదెతాకా మియజాకి దర్శకత్వమున ఫ్రమ్‌సాఫ్ట్‌వేర్ సంస్థవారు 2011లో వెలువరించిన 'డార్క్ సోల్స్' నియమపాలనకుఁ బేరెన్నిక గన్నది. అందు నాయకుఁడు మరణము లేని శాపగ్రస్తుఁడు. చచ్చినప్పుడు మంటయొద్ద మరల లేచును. సంపాదించిన యాత్మలు చచ్చినచోటనే పడియుండును. వానిని జేరకముందే మరలఁ జచ్చినచో నశించును. చచ్చి మరల నాడుట యను క్రీడాసామాన్యధర్మ మిందుఁ గథలో భాగమైనది. ధరించు భారము శక్యభారములో నాల్గవవంతు మీఱనిచో వీరుఁడు చుఱుకుగా దొర్లి తప్పించుకొనును. సగము మీఱినచోఁ బొర్లుట మందగించును. ఇఱుకుత్రోవలో బెద్దకత్తిని బ్రక్కకు విసరినచో గోడకుఁ దగిలి వెనుకకుఁ దుళ్లును. కావున నాటగాఁడు చోటెఱిఁగి యాయుధము నెన్నుకొన నేర్చును. ఇంత నేర్పిన క్రీడయందే కొన్నిచోట్ల శత్రువుల యాయుధములు గోడలలోనుండి దూసికొనివచ్చి వీరునిఁ దాఁకును. గోడ తనకు గోడయై శత్రువునకు గాలియైనప్పు డాటగాఁడు నేర్చిన పాఠమే యతనికి మృత్యువగును. కఠినత్వమున కాటగాఁ డోర్చును, అన్యాయమున కోర్వఁడు. ఉత్తమక్రీడయం దుండుటచేతనే యీ దోషము మిక్కిలి నొప్పించును.

"అట్లైన నాటకు సౌకర్యము లెట్లు?" అని యాక్షేపము రావచ్చును. 'డార్క్ సోల్స్'లో దొర్లుచున్న వీరుని దేహములోనుండి కత్తి పోయినను నొక క్షణకాలము గాయము కాదు. 'బ్రెత్ ఆఫ్ ది వైల్డ్'లో నాటగాఁడు సంచిని దెఱచినంతనే యుద్ధము నిలిచిపోవును. వీరుఁడు పది వంటకములు భుజించి మరలఁ బోరునకు దిగును. ఇవి కవిసమయములవంటివి. చకోరము వెన్నెలఁ ద్రాగు నన్నప్పుడు పాఠకుఁ డాక్షేపింపఁడు. అది కవుల కందఱికిని సమానమై, యెల్లప్పుడు నొకేరీతి నుండును. క్రీడాసమయములును నిత్యములై, నేర్వఁదగినవై యున్నంతవఱకు దోషములు కావు. దొర్లుటవలన నొక్క శత్రువుకత్తి తప్పి, కారణము తెలుపకయే వేఱొక శత్రువుకత్తి తగిలినచో నది సమయము కాదు, మోసము.

ఈ విచారమువలనఁ దేలిన నిర్ణయమిది. చెప్పని చోట లోకము, చెప్పిన చోట వచనము, వచనమునకు విరోధము వచ్చినచోట ముందు తెలిపిన యపవాదము ప్రమాణములు. ఈ క్రమమును దప్పిన యుద్ధ మెంత వాస్తవముగాఁ జిత్రింపఁబడినను నసత్యమే; పాటించినది యెంత యద్భుతమైనను సత్యమే. కావ్యమున నీ నియమము తప్పినచో బాఠకుఁడు పుస్తకమును బ్రక్కనఁ బెట్టును. అతనికిఁ బోయినది విశ్వాసము మాత్రమే. క్రీడలో నాటగాఁ డా విశ్వాసము నాధారముగాఁ గొని యడుగు ముందుకు వేసియుండును. అతఁడు శత్రువు నెదుట నిలిచి, తనకు నేర్పిన నియమము నిలుచునని నమ్మి మీట నొక్కును. ఆ నమ్మికను నిలుపుట నిర్మాతకు ధర్మము.