అర మిల్లీమీటరు చుక్క

పది మీటర్ల ఎయిర్ రైఫిల్ టార్గెట్ నడిమధ్యలో పది మార్కుల చుక్క ఉంటుంది. దాని వ్యాసం అర మిల్లీమీటరు. బాల్‌పెన్ను కాగితానికి ఆనించి తీసేస్తే మిగిలే గుర్తంత. రైఫిల్ నుంచి దూసుకెళ్లే పెల్లెట్ వ్యాసం 4.5 మిల్లీమీటర్లు కాబట్టి గురి సరిగ్గా కుదిరితే చుక్క మొత్తం ఎగిరిపోయి దాని చోట రంధ్రం మిగులుతుంది. ఏ ఆసరా లేకుండా నిలబడి, ఐదు కిలోల తుపాకీ ఎత్తిపట్టి, 75 నిమిషాల్లో 60 సార్లు ఆ పని చెయ్యాలి.

తుపాకీ అనగానే చాలామందికి చప్పుడు, పొగ, దూకుడు గుర్తొస్తాయి. ఏళ్ల తరబడి రకరకాల తుపాకులు కాల్చిన నాకు గుర్తొచ్చేది ఎముక, ఊపిరి, చూపుడువేలు. ఒక్కో ఆయుధం మనిషి ఒంట్లో దాగిన ఒక్కో తొందరను పట్టి బయటపెడుతుంది. ఒకదాని దగ్గర తప్పించుకున్నది ఇంకోదాని దగ్గర దొరికిపోతుంది. అందుకే ఒకే రకానికి అంటిపెట్టుకోకుండా కొంతకాలమైనా అన్నిటినీ కాల్చి చూడమని కొత్తవాళ్లకు చెబుతుంటాను.

నేను మొదట చూసిన తుపాకీ మా తాతగారి ఇంట్లోది. అడవి పందుల నుంచి వేరుశనగ చేను కాపాడుకోవడానికి లైసెన్సు తీసుకున్న పాతకాలపు తుపాకీ. గొట్టం మూతి నుంచి మందు పోసి, పీచు కుక్కి, సీసపు గుండ్లు వేసి, ఇనుప కడ్డీతో దట్టించేవారు. వెనక చిన్న కేపు పెట్టి గుర్రం లాగి వదిలితే ముందు కేపు పేలేది, తరువాత లోపలి మందు అంటుకునేది. ఆ రెండింటి మధ్య కంటికి తెలియనంత ఆలస్యం. కేపు చప్పుడుకి ఉలిక్కిపడి గొట్టం కదిపితే గుండ్లు ఎటో పోయేవి. పేలాక కూడా గురి వదలకూడదని తాతగారు పదే పదే అనేవారు. హైదరాబాద్‌లో రైఫిల్ చేతికొచ్చాక మా కోచ్ నేర్పిన మొదటి పాఠాల్లో ఒకటి అదే. రేంజ్‌లో దాన్ని ఫాలో-త్రూ అంటారు.

ఎయిర్ రైఫిల్ దగ్గర ఆ మాటకు విలువ ఎక్కువ. ట్రిగ్గర్ నొక్కాక బిగబట్టిన గాలి వాల్వు గుండా వెలువడి, పెల్లెట్‌ను తోసి, అది బ్యారెల్ దాటేదాకా కొన్ని మిల్లీసెకన్లు పడుతుంది. కాల్చేశాం కదా అని మనసు సడలేది సరిగ్గా అప్పుడే. భుజం కొద్దిగా దిగుతుంది, బుగ్గ కట్టె మీద నుంచి లేస్తుంది, పెల్లెట్ ఇంకా గొట్టంలోనే ఉంటుంది. మంచి షూటర్‌ని వెనక నుంచి చూస్తే ఎప్పుడు కాల్చాడో తెలియదు. షాట్ ముందు ఎలా ఉన్నాడో తరువాతా అలాగే ఉంటాడు.

ఇక నిలబడే తీరు. కుడిచేతి వాటం వాళ్లయితే ఎడమ పక్క టార్గెట్ వైపు తిరుగుతుంది. ఎడమ తుంటిని కాస్త ముందుకు తోసి, మోచేతిని తుంటి ఎముక మీద ఆనించి, అరచేయి మీదో పిడికిలి మీదో రైఫిల్‌ని నిలుపుతారు. బరువు చేతి ఎముక నుంచి తుంటికి, తుంటి నుంచి కాలికి, కాలి నుంచి నేలకు దిగిపోవాలి. కండ అలిసిపోతుంది, వణుకుతుంది. ఎముకకు అలుపు లేదు. కండబలం ఉన్న యువకులు మొదట్లో తడబడటం, సన్నగా ఉండే పద్నాలుగేళ్ల అమ్మాయిలు త్వరగా కుదురుకోవడం నేను చాలాసార్లు చూశాను. ఆ అమ్మాయిలు మోయలేరు కాబట్టి ఎముకల మీద పెట్టడం త్వరగా నేర్చుకుంటారు.

ఈ విద్య మొత్తానికి గుండెకాయ లాంటి సంగతి ఇంకొకటి ఉంది. గురి పెట్టాక కళ్లు మూసుకుని రెండు ఊపిర్లు తీసి మళ్లీ తెరవాలి. సైట్ వలయం టార్గెట్‌లోని నల్లటి గుండ్రం నుంచి ఎడమకు జరిగిందనుకోండి, కొత్తవాళ్లు చేత్తో కుడికి లాగుతారు. లాగినంతసేపే అది అక్కడ ఉంటుంది. ట్రిగ్గర్ కదిలిన క్షణంలో ఒళ్లు తనకు అనువైన చోటికి తిరిగి వెళ్లిపోతుంది, పెల్లెట్టూ దాని వెంటే పోతుంది. చేత్తో లాగకుండా పాదం జరపాలి. శరీరం సహజంగా చూసే దిక్కూ టార్గెట్ ఉన్న దిక్కూ ఒకటయ్యేదాకా పాదాలను వెంట్రుకవాసి చొప్పున సర్దుతూనే ఉండాలి. పోటీల్లో పెద్ద షూటర్లు మొదటి నిమిషాలన్నీ ఇందుకే వెచ్చిస్తారు. చూసేవాళ్లకు అది ఏమీ చెయ్యకుండా నిలబడినట్టు ఉంటుంది.

ఊపిరి సగం వదిలాక ఒంట్లో ఒక చిన్న విరామం వస్తుంది. షాట్ అందులోనే జరగాలి. ఆరు నుంచి ఎనిమిది సెకన్లు దాటితే కళ్లకు ప్రాణవాయువు తగ్గి, ఎదుట ఉన్న బొమ్మ అసలు బొమ్మో పాత ముద్రో తెలియదు. అప్పుడు తుపాకీ దించేయాలి. కాల్చడం నేర్పడానికి నెలలు చాలు. దించడం నేర్పడానికి ఏళ్లు పడుతుంది. ఇంత కష్టపడి కుదుర్చుకున్నాను, ఇక కాల్చేద్దాం అన్న ఆశ షూటర్‌ని చివరిదాకా వెంటాడుతుంది.

2008 బీజింగ్ ఒలింపిక్స్ ఎయిర్ రైఫిల్ ఫైనల్లో చివరి షాట్‌కి ముందు అభినవ్ బింద్రా, ఫిన్లాండ్‌కు చెందిన హెన్రీ హక్కినెన్ సమానంగా ఉన్నారు. హక్కినెన్ 9.7 కొట్టాడు. బింద్రా 10.8 కొట్టాడు. ఒక్క షాట్‌కి రాగల గరిష్ఠం 10.9. భారతదేశానికి తొలి వ్యక్తిగత ఒలింపిక్ స్వర్ణం అలా వచ్చింది. ఆ 10.8ని ధైర్యం అని పొగిడారు, అదృష్టం అన్నవాళ్లూ ఉన్నారు. నా దృష్టిలో అది అలవాటు. అభ్యాసంలో వేలసార్లు చేసిన పనినే ఆ రోజూ చెయ్యగలిగాడు, ఒక్క రవ్వ కూడా ఎక్కువ చెయ్యలేదు. నాలుగేళ్లకు లండన్‌లో అదే విభాగంలో కాంస్యం గెలిచిన గగన్ నారంగ్ పెరిగింది హైదరాబాద్‌లోనే.

రైఫిల్ మీద కొంత పట్టు వచ్చినవాడి చేతిలో ఎయిర్ పిస్టల్ పెడితే అతని గర్వం ఆ సాయంత్రమే కరుగుతుంది. ఎముకల ఆసరా లేదు, రైఫిల్‌కి వేసుకునే బిగుతైన కాన్వాస్ కోటు లేదు. ఒంటిచేత్తో పట్టాలి, రెండో చెయ్యి జేబులోనో బెల్టులోనో. చెయ్యి కదులుతూనే ఉంటుంది, ఎవరిదైనా సరే. అందుకే పిస్టల్ టార్గెట్‌లో పది వలయం 11.5 మిల్లీమీటర్లు.

ఇక్కడ ఒక లెక్క ఉంది. పిస్టల్ ముందు సైట్‌కి, వెనక సైట్‌కి మధ్య దూరం సుమారు 30 సెంటీమీటర్లు అనుకుందాం. ఆ రెండింటి అమరికలో ఒక్క మిల్లీమీటరు తేడా వస్తే పది మీటర్ల అవతల అది 33 మిల్లీమీటర్లు అవుతుంది, షాట్ ఆరులోకి పోతుంది. అదే, సైట్లు రెండూ సరిగ్గా అమరి ఉండి చెయ్యి మొత్తంగా ఐదు మిల్లీమీటర్లు పక్కకు జరిగితే పెల్లెట్ ఇంకా పదిలోనే పడుతుంది. అంటే చెయ్యి ఊగడం తప్పు కాదు, మణికట్టు వంగడం తప్పు. ఈ లెక్క మనసుకెక్కిన రోజు నుంచి పిస్టల్ షూటర్ మారిపోతాడు. చేతిని రాయిలా నిలపాలన్న తాపత్రయం వదిలి, సైట్ల అమరిక మీదే ప్రాణం పెడతాడు.

చూపు సంగతీ అంతే. వెనక సైట్, ముందు సైట్, టార్గెట్ మూడూ మూడు దూరాల్లో ఉంటాయి. కన్ను ఒక్కదాన్నే స్పష్టంగా చూడగలదు. చూడాల్సింది ముందు సైట్‌ని. టార్గెట్ మసకగా, బూడిదరంగు మచ్చలా ఉండిపోవాలి. కొట్టాల్సినదాన్ని మసకగా వదిలేయడానికి మనసు ఒప్పుకోదు, కన్ను పదే పదే అటే పరిగెడుతుంది. చూపు అటు వెళ్లిన ప్రతిసారీ సైట్లు చెదురుతాయి.

నిబంధన ప్రకారం ఎయిర్ పిస్టల్ ట్రిగ్గర్ కనీసం 500 గ్రాముల బరువు మోయాలి. నల్లటి గుండ్రం కింద సైట్ కుదిరిన క్షణం చూసి గబుక్కున నొక్కితే ఆ అరకిలో మణికట్టును కిందికి లాగుతుంది. ఊగుతున్న చేతిని ఊగనిచ్చి, వేలి ఒత్తిడిని మాత్రం తడవకి కొంచెం చొప్పున పెంచుతూ పోవాలి. షాట్ ఎప్పుడు పేలుతుందో కాల్చేవాడికే కొంత ఆశ్చర్యంగా ఉండాలి. మన హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో పిస్టల్ విభాగాల్లో ఒక స్వర్ణం, మూడు రజతాలు తెచ్చింది. ఆమె షాట్ల వీడియోల్లో ముఖం చూడకండి, వేలు చూడండి.

పాయింట్ టూటూ రైఫిల్‌లో బిగబట్టిన గాలికి బదులు మందు తూటాను తోస్తుంది. మందు వాసన, చెవికి రక్షణ, లైసెన్సు, అన్నీ మొదలవుతాయి. యాభై మీటర్లు, పది వలయం 10.4 మిల్లీమీటర్లు. మోకాళ్ల మీద, బోర్లా పడుకుని, నిలబడి, మూడు భంగిమల్లో కాల్చాలి. ఇందులో నాకు ప్రాణమైనది పడుకుని కాల్చడం. పట్టీని పై చేతికి బిగించి రైఫిల్‌కి తగిలిస్తే ఒళ్లు, తుపాకీ, నేల ఒకటే అయిపోతాయి. అంత నిశ్చలతలో ఒకే కదలిక మిగులుతుంది. పట్టీ కింద రక్తనాళం కొట్టుకున్నప్పుడల్లా సైట్ చిన్నగా ఎగిరి దిగుతుంది. సొంత గుండె చప్పుడు కంటికి కనిపిస్తుంది. పట్టీని కాస్త పైకో కిందికో జరిపి ఆ కొట్టుకోవడాన్ని తగ్గించుకోవాలి.

అయినా గాలి ఉంది. రెండున్నర గ్రాముల పైచిలుకు సీసం ధ్వని వేగానికి కొంచెం తక్కువలో పోతుంది. అంతకంటే వేగం పెంచితే దారిలో ధ్వని వేగం కిందికి దిగేటప్పుడు తూటా తడబడుతుంది, అందుకే పోటీ తూటాలను నెమ్మదిగానే ఉంచుతారు. అంత చిన్న సీసపు ముక్కను గాలి సులువుగా నెడుతుంది. దారి పొడవునా కట్టిన చిన్న గుడ్డజెండాలను చదవడం ఒక ప్రత్యేక విద్య. మధ్యాహ్నం దాటాక మా వైపు రేంజ్‌ల్లో గాలి దిక్కు మార్చుకుంటూ ఉంటుంది. ఒక దిక్కుని ఎంచుకుని, జెండా అటు తిరిగినప్పుడే కాల్చి, మిగతా సమయం కాచుకుని ఉండటమే నేను నమ్మే పద్ధతి. 2024లో పారిస్‌లో స్వప్నిల్ కుసాలే కాంస్యం గెలిచింది ఈ మూడు భంగిమల పోటీలోనే.

షాట్‌గన్ దగ్గరికొచ్చేసరికి ఇప్పటిదాకా నేర్చిన నిశ్చలత అడ్డొస్తుంది. ట్రాప్ అనే పోటీలో షూటర్ కేక వినగానే 110 మిల్లీమీటర్ల క్లే పలక గుంటలోంచి ఎగురుతుంది, ఏ దిక్కో ముందు తెలియదు. రెండు కళ్లూ తెరిచి ఉండాలి. సైట్‌ని చూడకూడదు, పలకనే చూడాలి. పిస్టల్‌కి నేర్పిన నియమానికి ఇది సరిగ్గా తలకిందులు. గొట్టం పలక వెనక నుంచి వచ్చి, దాన్ని దాటుతూ, ఆగకుండా పేలాలి. సరిగ్గా గురి చూసుకుందామని ఒక్క లిప్త ఆగితే 24 గ్రాముల గుండ్లూ పలక వెనక నుంచి పోతాయి. వేట నుంచి పుట్టిన ఆట ఇది. బికనీర్ మహారాజు కర్ణీ సింగ్ 1962లో కైరో ప్రపంచ పోటీల్లో ట్రాప్‌లో రజతం తెచ్చారు. పదేళ్ల తరువాత వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది, పక్షి స్థానంలో పలకే మిగిలింది. అది నాకు సంతోషం. హైదరాబాద్‌కే చెందిన కైనన్ చెనాయ్ హాంగ్‌ఝౌలో ట్రాప్ టీమ్ స్వర్ణం, వ్యక్తిగత కాంస్యం గెలిచాడు. ఇది ఖర్చుగల ఆట, ప్రతి కార్ట్రిడ్జ్‌కీ జేబు తడుముకోవాలి.

తుపాకీ సొంతం చేసుకోవడం వేరే క్రమశిక్షణ. నగరంలో పోలీస్ కమిషనర్ దగ్గర దరఖాస్తు, విచారణ, శిక్షణ పత్రం, ఇంట్లో భద్రపరిచే ఏర్పాటు. ఆయుధాల చట్టానికి 2019లో చేసిన సవరణతో మామూలు లైసెన్సుదారు ఉంచుకోగల తుపాకులు మూడు నుంచి రెండుకు తగ్గాయి, క్రీడాకారులకు వేరే వెసులుబాటు ఉంది. సంబరాల పేరుతో గాలిలోకి కాల్చడం కూడా ఆ సవరణతోనే ప్రత్యేక నేరమైంది. అది ఎప్పుడో రావాల్సిన నియమం. ఎన్నికల కోడ్ వస్తే ఆయుధాన్ని స్టేషన్‌లో అప్పగించాల్సి రావచ్చు, క్రీడాకారులు మినహాయింపు కోరవచ్చు. ఈ కాగితాల బరువు గురించి విసుక్కునేవాళ్లు ఉన్నారు. నేను విసుక్కోను. తుపాకీ ఒక పెట్టెలో, తూటాలు వేరే పెట్టెలో, తాళాలు వేరే చోట. కాల్చనప్పుడు గొట్టంలో రంగు తాడు కనిపించాలి, గొట్టం ఎప్పుడూ టార్గెట్ వైపే ఉండాలి, కాల్చే క్షణం దాకా వేలు ట్రిగ్గర్ గార్డు బయటే ఉండాలి. హోదా కోసం నడుముకు తుపాకీ తగిలించుకోవాలనుకునేవాళ్లకు ఈ విద్య అబ్బదు.

పిల్లల చేతికి తుపాకీ ఇస్తే దూకుడు పెరుగుతుందేమోనని తల్లిదండ్రులు అడుగుతుంటారు. రేంజ్‌లో కొత్త పిల్లలకు వారాల తరబడి పెల్లెట్ ఇవ్వరు. ఖాళీ తుపాకీతో నిలబడటం, గురి పెట్టడం, ట్రిగ్గర్ నొక్కడం, కదలకుండా ఉండటం, అంతే. కోపంతో ఉన్న పిల్లవాడు చెమట తుడుచుకుని పక్కన కూర్చోవాల్సి వస్తుంది, ఎందుకంటే గుండె వేగం తగ్గేదాకా సైట్ నిలవదు. పుట్టుకతో వినికిడి లేని హైదరాబాద్ కుర్రాడు ధనుష్ శ్రీకాంత్ 2022లో బ్రెజిల్‌లో జరిగిన డెఫ్లింపిక్స్‌లో ఎయిర్ రైఫిల్ స్వర్ణం గెలిచాడు. ఎత్తు, బలం, వేగం, ఇవేవీ అడగని ఆట ఇది.

నా కోరిక ఒకటే. ఇరవై జౌళ్ల లోపు శక్తి, 4.5 మిల్లీమీటర్ల బోరు ఉన్న ఎయిర్ రైఫిల్‌కి లైసెన్సు అక్కర్లేదు, పోటీల్లో వాడేవన్నీ ఆ పరిమితి లోపలే. పది మీటర్ల రేంజ్‌కి కావాల్సింది పొడవైన ఒక హాలు, వెనక గట్టి గోడ, పెల్లెట్లు పట్టే ఇనుప పెట్టెలు, మంచి వెలుతురు, కన్ను ఆర్పకుండా కాపలా కాసే ఒక కోచ్. అనంతపురం పిల్లైనా ఆదిలాబాద్ పిల్లాడైనా అర మిల్లీమీటరు చుక్కను మొదటిసారి చూడటానికి హైదరాబాద్‌కో విశాఖకో బస్సెక్కాల్సిన పని ఉండకూడదు. ప్రతి జిల్లా కేంద్రంలో, సాయంత్రం ఖాళీగా ఉండే ఒక ప్రభుత్వ పాఠశాల హాలులో ఈ పని మొదలుపెట్టవచ్చు.