ఒక్కో పాఠానికి ఒక్కో గురువు

బొమ్మలు నేర్చుకుంటామని వచ్చే పిల్లలకు తెల్ల కాగితం ఇచ్చి, "మీ ఇష్టమొచ్చింది గీయండి" అంటే అందరి చేతా ఒకటే బొమ్మ వస్తుంది. రెండు కొండలు, వాటి నడుమ సగం పొడిచిన సూర్యుడు, వంకర తిరుగుతూ దిగే ఏరు, ఒడ్డున ఇల్లు, ఇంటి పక్కన కొబ్బరిచెట్టు. పాలమూరు ప్రాంతంలోని మా కోడేరులో పుట్టి పెరిగిన పిల్లలు గీసినా అంతే. బయటికొచ్చి చూస్తే వేప, తుమ్మ, సీతాఫలం పొదలు, పల్లీ చేలు. గుట్ట అంటే ఎవరో పేర్చి మర్చిపోయినట్టుండే బండల కుప్ప. కాగితం మీద మాత్రం నున్నటి మూడుకోణాల కొండలే.

"ఈ కొబ్బరిచెట్టు యాడున్నదిరా?" అని అడిగితే, "బొమ్మల్ల ఉంటది సారూ" అన్నాడొకడు. నిజమే చెప్పాడు. వాడు చెట్టును చూసి గీయలేదు, బొమ్మను చూసి గీశాడు. పెద్దవాళ్లం కూడా కళ అనగానే ఎక్కడో ఎవరో చేసిపెట్టిన నమూనా కోసమే వెతుక్కుంటాం. "నాకు గీత రాదు" అని తప్పుకునేవాళ్ల మనసులోనూ అలాంటి నమూనా ఒకటి ఉంటుంది. దాన్ని అందుకోలేమన్నదే వాళ్ల భయం.

డ్రాయింగ్ పుస్తకం తెరిస్తే మొదట్లోనే కళకు ఏడు మూలకాలని ఉంటుంది: గీత, ఆకారం, ఘనరూపం, రంగు, వెలుగునీడలు, గరుకు-నునుపు, ఖాళీ జాగా. మన పాతవాళ్లు ఆరు చెప్పారు. వాత్స్యాయన కామసూత్రాలకు యశోధరుడు రాసిన జయమంగళ వ్యాఖ్యలో చిత్రానికి రూపభేదం, ప్రమాణం, భావం, లావణ్యయోజనం, సాదృశ్యం, వర్ణికాభంగం అంగాలని ఉంది. ఆరు సరైనదా ఏడు సరైనదా అన్న పంచాయితీ కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు అక్కర్లేదు. వాళ్ల ఇబ్బంది వేరే. ఇవన్నీ ఒక్క పేజీలో ఉంటాయి, ఒక్క బొమ్మలో అన్నీ ఒకేసారి చేయమంటాయి. ఎవరి చేతా కాదు.

నాకు పనికొచ్చిన పద్ధతి ఒకటుంది. ఏ మూలకాన్ని నేర్చుకోవాలో, దాని మీదే మొత్తం బరువు పడే కళ దగ్గరికి వెళ్లాలి. మిగతావన్నీ పక్కకు తప్పుకుని అదొక్కటే పనిచేసే చోట దాని గుణం తెలుస్తుంది. పాలమూరు నేలమీద అలాంటి చోట్లకు కొదవ లేదు.

గీతకు ముగ్గును మించిన బడి లేదు. అందులో గీత తప్ప ఆసరా ఏదీ ఉండదు. మధ్య వరుసలో 15 చుక్కలు పెట్టి, అటూ ఇటూ సందు చుక్కలతో ఒక్కోటి తగ్గించుకుంటూ 8 దాకా వస్తే మొత్తం 169 చుక్కలవుతాయి. వేసే ఆమె ఈ కూడిక ఎప్పుడూ చేయదు, చుక్క మాత్రం తప్పదు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నుంచి పిండి జారుతుంటే, చెయ్యి నిదానించిన చోట గీత లావవుతుంది, తొందరపడిన చోట సన్నబడి తెగుతుంది. మెలిక ముగ్గయితే గీత చుక్కను తాకకుండా చుట్టి, బయలుదేరిన చోటికే చేరాలి. రబ్బరుతో తుడిచే వీలు లేదు. అంటే గీసేముందే గీత మొత్తం మనసులో ఉండాలి.

ఇంకొకటి గమనించండి. ముగ్గు వేసేటప్పుడు చెయ్యి భుజం దగ్గర నుంచి కదులుతుంది. పిల్లలు పెన్సిలును వేళ్లతో బిగించి, మణికట్టును కాగితానికి అదిమిపెట్టి గీస్తారు. అందుకే వాళ్ల గీత బెత్తెడు పోగానే వణుకుతుంది. కాగితాన్ని పెద్దది చేసి, నిలబడి, భుజంతో గీయమంటే సగం రోగం కుదురుతుంది. బాపు బొమ్మల్లో ఒక్క గీతతో జడ వంపు, నడుము వంపు పలుకుతాయే, ఆ ధైర్యానికి మొదటి మెట్టు ఇదే.

చుక్క సంగతీ తక్కువది కాదు. చుక్క కదిలితే గీత, గీత కదిలితే తలం అన్న ఆలోచనను పట్టుకుని రష్యన్ చిత్రకారుడు కాండిన్‌స్కీ 1926లో ఒక పుస్తకమే వేశాడు. ఆయనకన్నా ఎంతో ముందు, నారాయణపేట జిల్లా ముడుమాలులో కృష్ణ ఒడ్డున, నిలువురాళ్లు పాతిన ఆదిమ మనుషులు ఒక బండమీద చిన్న చిన్న గుంటలు తొలిచారు. అవి సప్తర్షి మండలమని పరిశోధకులు చెబుతారు. ఆ చోటు 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాకెక్కింది. ఆకాశంలో ఉన్నవి విడి చుక్కలే. వాటిని కలిపి ఒక ఆకారంగా చూసింది మనిషి కన్ను. కళ స్వభావం ఏమిటని ఎవరైనా అడిగితే నేను ముందు ఆ బండ పేరే చెబుతాను.

రూపానికి, వెలుగునీడలకు అలంపురం పోవాలి. బాదామి చాళుక్యులు ఏడు, ఎనిమిది శతాబ్దాల్లో తుంగభద్ర ఒడ్డున కట్టిన నవబ్రహ్మ ఆలయాలు అక్కడున్నాయి. బాలబ్రహ్మ, కుమారబ్రహ్మ, స్వర్గబ్రహ్మ అంటూ పేర్లన్నీ బ్రహ్మవి, లోపలున్నది శివుడు. అక్కడ రాతికి రంగు తోడు లేదు. గీత కూడా నిజానికి లేదు. స్వర్గబ్రహ్మ గోడల మీది బొమ్మల్లో గీతల్లా కనబడేవన్నీ నీడలే. పొద్దు వాలేటప్పుడు పక్కనుంచి వెలుగు పడితే, మధ్యాహ్నం చదునుగా కనిపించిన మోకాలు ఉబుకుతుంది, నడుము లోపలికి పోతుంది. శిల్పి చెక్కింది రాతినే అయినా, ఆయన లెక్క వేసుకున్నది నీడను. పోయినవాళ్లు పెన్సిలు తీసుకుని, అంచుగీత గీయకుండా నీడ పడిన చోటు మాత్రమే నల్లగా నింపి చూడండి. కాసేపటికి బొమ్మ దానంతటదే లేస్తుంది.

అదే ఊళ్లో సంగమేశ్వరాలయం ఇంకో పాఠం చెబుతుంది. అది మొదట కూడవెల్లిలో, తుంగభద్ర కృష్ణలో కలిసే చోట ఉండేది. శ్రీశైలం ప్రాజెక్టు నీళ్లలో మునుగుతుందని రాయికి రాయి విప్పి తెచ్చి అలంపురంలో మళ్లీ నిలబెట్టారు. అవే రాళ్లను కుప్పపోస్తే గుడి కాదు. ఏ రాయికి ఏ రాయి ఎంత దూరం, ఎంత ఎత్తు అన్నదే గుడి. ప్రమాణం అంటే పాతవాళ్లు చెప్పింది ఇదే.

రంగుకు గద్వాల మగ్గం. గద్వాల చీర ఒళ్లు నూలు, అంచూ కొంగూ పట్టు, జరీ. నూలు గుణం వేరు, పట్టు గుణం వేరు. ఒంటికి ఒక నాడె, రెండు అంచులకు చెరొక నాడె. అంచు మొదలయ్యే చోట ఒంటి పేక, అంచు పేక ఒకదానికొకటి మెలిపడి వెనక్కి తిరుగుతాయి. చీర పొడవునా ప్రతి వరుసలోనూ ఆ మెలిక పడాల్సిందే. అందుకే ఆ మగ్గం మీద ఒకరికి ఇద్దరు కూర్చుంటారు. మంచి గద్వాల చీరను తిరగేసి అంచు దగ్గర వేలితో రాస్తూ పోండి, నూలు ఎక్కడ ఆగి పట్టు ఎక్కడ అందుకుందో వేలికి తెలుస్తుంది. కంటికి మాత్రం కత్తితో కోసినంత నిక్కచ్చి గీత.

ఆ గీత దగ్గరే రంగు పాఠం ఉంది. తెల్లటి ఒంటి పక్కన కూర్చున్న మెరూన్ అంచు ఒక రంగు. ఆకుపచ్చ ఒంటి పక్కన అదే మెరూన్ ఇంకో రంగులా ఉంటుంది. దారం ఒకటే, అద్దకం ఒకటే. పక్కన ఎవరున్నారన్న దాన్నిబట్టి రంగు తన తీరు మార్చుకుంటుంది. జర్మనీలో పుట్టి అమెరికాలో చిత్రకళ నేర్పిన జోసెఫ్ ఆల్బర్స్ 1963లో ఒక పెద్ద పుస్తకం తెచ్చి, రంగు కాగితాలు పక్కపక్కన పెట్టించి విద్యార్థులకు నేర్పింది ఈ సంగతినే. బేరం చేస్తూ "ఈ అంచుకు ఆ ఒళ్లు నప్పదమ్మా" అనే దుకాణంలోని పెద్దాయనకు అది పుస్తకం లేకుండానే తెలుసు. అందుకే ఏ రంగు బాగుంటుంది అని అడిగే పిల్లలను నేను ఎదురడుగుతాను: దేని పక్కన?

గరుకు, నునుపుల కోసం దూరం పోనక్కర్లేదు. తండాల్లో పెద్దవయసు లంబాడా ఆడవాళ్ల పాత పేటియా (లంగా) ఒకటి చేత్తో తాకితే చాలు. అద్దం నునుపు, దారం కుట్టు గరుకు, గవ్వ వంపు. కళ్లు మూసుకుని ఆ గుడ్డను చదవొచ్చు.

ఇక మిగిలింది ఖాళీ జాగా. అన్నిట్లోకీ కష్టం ఇదే. కాగితంలో మిగిలిన తెలుపును పిల్లలు తప్పు కింద లెక్కవేసి నింపేస్తుంటారు. దానికి నేను చూపించే గురువు బొమ్మే కాదు, వాయిద్యం. నాగర్‌కర్నూల్ జిల్లా లింగాల మండలం అవుసలికుంట దర్శనం మొగిలయ్య గారి పన్నెండు మెట్ల కిన్నెర. వెదురు కర్ర, ఎండిన సొరకాయ బుర్రలు, మెట్లను పట్టి ఉంచే తేనెమైనం, తీగలు. బుర్రలో గుజ్జు ఉన్నంతకాలం అది పలకదు. అంతా తీసేసి డొల్ల చేశాకే తీగ మోగుతుంది. ఆయన జానపద వీరుడు పండుగ సాయన్న కథ ఎత్తుకుని, ఒక మాట దగ్గర ఆగి తీగ మీటినప్పుడు, ఆ ఆగడంలోనే విన్నవాళ్ల ఒళ్లు జలదరిస్తుంది. పాటలో ఆగడం ఎలాంటిదో బొమ్మలో ఖాళీ అలాంటిది. అదీ పని చేస్తూనే ఉండాలి.

కళారూపాలను పుస్తకాలు విడదీసి చెబుతాయి: చోటులో ఉండేవి చిత్రం, శిల్పం, కట్టడం, కాలంలో నడిచేవి సంగీతం, నాట్యం, కథ. మొదలుపెట్టేవాళ్లకు ఆ విభజన మంచిదే, ఎక్కడ నిలబడ్డామో తెలుస్తుంది. కానీ కిన్నెరను ఏ అరలో పెడతారు? నెమలి ఈకలతో అలంకరించిన వస్తువుగా అది శిల్పం, మోగితే సంగీతం, సాయన్న దండెత్తితే కథ. దామరగిద్ద దాసరి కొండప్ప గారి బుర్రవీణదీ అదే తీరు. అరలు మన సౌకర్యానికే గానీ కళాకారుడికి వాటితో పని లేదు.

ఇంకో అర మాత్రం మనకు సౌకర్యంగా ఉండి, వాళ్లను ముంచుతోంది. అది కళ వేరు, చేతిపని వేరు అన్న గీత. గోడకు తగిలిస్తే కళ, ఒంటికి చుట్టుకుంటే చేతిపని. కళకు దండ, చేతిపనికి కూలి. కిన్నెరకు 2022లో, బుర్రవీణకు 2024లో పద్మశ్రీ వచ్చింది, సంతోషం. అదే 2024లో మొగిలయ్య గారు కూలి పని చేస్తున్నారన్న వార్తనూ పత్రికల్లో చదివాం. దండకూ కూలికీ మధ్య దూరం అంతే.

నన్నడిగితే, చేతి వెనక నిర్ణయం ఉన్న చోటల్లా కళ ఉంది. ఈ అంచుకు ఈ ఒళ్లు అని తేల్చుకున్న క్షణం, ఇక్కడ ఆగాలి అని తీగను వదిలిన క్షణం. నిర్ణయం లేకుండా నమూనాను దించేస్తే అది ఎంత పెద్ద కాన్వాసు మీదున్నా దించుడే. ఆ లెక్కన మూలకాలంటే బట్టీ పట్టాల్సిన పేర్లు కావు, నిర్ణయం తీసుకోవాల్సిన చోట్లు.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు నేను చెప్పేదిదే. ఒక నెల ఒక్క మూలకంతోనే గడపండి. గీత నెలలో రంగు ముట్టుకోకండి, నీడ నెలలో గీతను ఆపేయండి. మొదటి నెల ఇంట్లో అమ్మనో నాయనమ్మనో అడిగి చుక్కల ముగ్గు నేర్చుకోండి, చిన్నదే, 5 చుక్కలది. అది ఆడపిల్లల పని అని పక్కకు జరిగే మగపిల్లలూ, మీకు మినహాయింపు లేదు. వచ్చే ఆదివారం పొద్దున్నే లేచి, వాకిలి ఊడ్చి, ముగ్గు వేశాకే మీ చేతికి నేను పెన్సిలు ఇచ్చేది.