రాగం ఎక్కడ తీయాలి?

పల్నాడులో దాచేపల్లి, గురజాల, మాచర్ల వైపు ఊళ్లలో పద్యనాటకం గురించి మాట కదిపితే జనం రెండు జట్లవుతారు. పద్యం ముగిశాక గొంతు ఎంతదాకా లేచింది, ఎంతసేపు నిలిచింది అని చూసి నటుణ్ణి తూచేవాళ్లు ఒక జట్టు. పద్యంలో ప్రతి మాటా చెవిన పడిందా, ఎదురుగా కృష్ణుడు కనిపించాడా గాయకుడు కనిపించాడా అని నిలదీసేవాళ్లు రెండో జట్టు. వీళ్లకి వాళ్లు కథ పట్టనివాళ్లు, వాళ్లకి వీళ్లు చెవి లేనివాళ్లు. నాటకం తెల్లవారుజామున ముగిసినా ఈ వాదం మాత్రం మధ్యాహ్నం దాకా రచ్చబండ మీద నడుస్తుంది. రెండు జట్లూ గొప్ప రసికులే. కాని ఇద్దరూ రాగాన్ని పద్యం నుంచి ఊడదీసి, విడి వస్తువుగా చేతిలో పెట్టుకుని బేరం చేస్తున్నారు. అది ఎక్కువైందా తక్కువైందా అని కొలిచినంతకాలం ఈ తగువు తెగదు. పద్యంలో ఏ మాట దగ్గర గొంతు సాగింది అని అడిగితే, నటుడి తెలివీ తెలివితక్కువా రెండూ అక్కడే బయటపడతాయి.

ఈ సాగదీత ఎక్కడి నుంచి వచ్చిందో ముందు చూడాలి. 1880ల్లో ధార్వాడ నాటక సమాజాలు తెలుగు ఊళ్లు తిరిగి వెళ్లాక మనవాళ్లు సొంతంగా నాటకాలు కట్టడం మొదలుపెట్టారు. బళ్లారిలో ధర్మవరం రామకృష్ణమాచార్యులు చిత్రనళీయం వంటి నాటకాలతో పద్యాన్నీ పాటనూ రంగస్థలం మీద నిలబెట్టారు. ఆ తరవాత తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయాలు, చిలకమర్తి గయోపాఖ్యానం, బలిజేపల్లి లక్ష్మీకాంతం సత్యహరిశ్చంద్రీయం ఊరూరా పాకాయి. అప్పటికి మైకు లేదు. పందిట్లో చివరి వరస దాకా మాట చేరాలంటే శ్రుతి పెంచాలి, అచ్చులను సాగదీయాలి, ఊపిరి తీసుకునేలోపు హార్మోనియం ఆ సందు పూడ్చాలి. అంటే రాగం మొదట అవసరంగా వచ్చి, తరవాత అలంకారమైంది. మైకు వచ్చాక అవసరం పోయింది, అలవాటు ఉండిపోయింది. మైకు ముందు నిలబడి కూడా మైకు లేనట్టే అరిచే నటుణ్ణి చూసి రెండో జట్టు విసుక్కుంటే వాళ్లను తప్పుపట్టలేం. ఆ అరుపును సమర్థించే పని ఈ వ్యాసం పెట్టుకోలేదు.

అసలు విషయం పద్యం నిర్మాణంలో ఉంది. ఉత్పలమాలలో పాదానికి 20 అక్షరాలు, చంపకమాలలో 21, శార్దూలంలో 19, మత్తేభంలో 20. సంస్కృత శ్లోకంలో యతి అంటే ఆగే చోటు. తెలుగు పద్యంలో అది అక్షరాల మైత్రి కుదరాల్సిన చోటు మాత్రమే, అక్కడ మాట తెగాలన్న నియమం లేదు. పాదం చివరా అంతే. ఒకే మాట సగం ఈ పాదంలో, సగం కింది పాదంలో ఉండవచ్చు. వాక్యం మూడో పాదం నడుమ ముగిసి, కొత్త వాక్యం అక్కడే మొదలు కావచ్చు. కాబట్టి తెలుగు వృత్తాన్ని చదివేవాడికి ఛందస్సు ఒక దారి చూపిస్తుంది, అర్థం ఇంకో దారి చూపిస్తుంది. గణాల నడకను నమ్మి పాదాంతంలో ఆగితే మాట రెండు ముక్కలవుతుంది. అర్థాన్నే నమ్ముకుని వచనంలా చదివేస్తే పద్యం నడక చచ్చిపోతుంది. ఈ రెంటికీ నడుమ రాజీ కుదిర్చే సాధనమే రాగం. పాదం మధ్యలో అర్థం ఆగిన చోట గొంతును కాసేపు నిలిపితే శ్రోతకు అర్థమూ అందుతుంది, లయ తెగిపోయిందన్న వెలితీ ఉండదు. పాత తరం నటులకు గురువులు పద్యం నేర్పేటప్పుడు ముందు పదాలు విడగొట్టించి, ఆ తరవాతే బాణీ పట్టించేవారంటే కారణం ఇదే.

పాండవోద్యోగ విజయాల్లోని పడక సీనులో కృష్ణుడు దుర్యోధనుణ్ణి కుశలం అడిగే పద్యాన్ని తీసుకోండి. పల్నాట్లో పశువులు కాసుకునేవాళ్లకు కూడా అది నోటికి వస్తుంది. పైకి చూస్తే అందులో ఏమీ లేదు. వచ్చి ఎంతసేపైంది, తమ్ముళ్లు ఎలా ఉన్నారు, కర్ణుడు ఎలా ఉన్నాడు, భీష్ముడు ఎలా ఉన్నాడు అని ఇంటికొచ్చిన బంధువును పలకరించడమే. అయితే ప్రతి పేరుకూ ముందు ఒక చిన్న విశేషణం ఉంది, ఆ మనిషి దుర్యోధనుడికి ఏమవుతాడో, ఎందుకు పనికొస్తాడో చెప్పే మాట. యుద్ధానికి సాయం అడగడానికి వచ్చినవాడికి అతని బలగాన్నంతా అతనికే లెక్కపెట్టి చూపించడమన్నమాట. ఇప్పుడు ఒక నటుడు నాలుగు పాదాలూ గబగబా దాటించి చివరి అక్షరం మీద రెండు నిమిషాలు రాగం తీశాడనుకుందాం. చప్పట్లు పడతాయి, పద్యం మాత్రం పలకరింపుగానే మిగిలిపోతుంది. ఇంకొకడు కర్ణుడి పేరు దగ్గర కొంచెం ఆగి, నవ్వు గొంతులోకి రానిచ్చి, ఆ ఒక్క మాటను అర నిమిషం తిప్పాడనుకుందాం. వెటకారం పందిరి చివరిదాకా తెలుస్తుంది. ఇద్దరూ సాగదీసినవాళ్లే. గడియారం పట్టుకుని చూస్తే రెండోవాడు తక్కువ పాడాడు. కాని ఎక్కువ చెప్పాడు.

సీస పద్యంలో ఈ పనితనం ఇంకా విప్పుగా కనిపిస్తుంది. పాదానికి ఆరు ఇంద్రగణాలు, రెండు సూర్యగణాలు. ఒక్కో పాదం రెండు భాగాలుగా విరుగుతుంది. అలాంటి నాలుగు పాదాలు అయ్యాక తేటగీతో ఆటవెలదో ఎత్తుగీతిగా వచ్చి ముగిస్తుంది. అనుభవమున్న నటుడు మొదటి రెండు పాదాలను దాదాపు మాటల్లా నడిపిస్తాడు, మూడో పాదంలో శ్రుతి పెంచుతాడు, నాలుగో పాదంలో పైస్థాయి అందుకుంటాడు. ఎత్తుగీతి దగ్గర మళ్లీ కిందికి దిగి, విషయం తేల్చి చెప్పి, ఆ తరవాతే గొంతు విప్పుతాడు. హార్మోనియం పెట్టె మీద కూర్చున్నవాడికి ఈ మెట్లన్నీ ముందే తెలిసి ఉండాలి. నటుడు ఏ క్షణాన ఏ స్వరం మీద వాలతాడో పసిగట్టి అక్కడ కాచుకుని ఉండటం అతని విద్య. మంచి హార్మోనిస్టు దొరకని రాత్రి మంచి నటుడు కూడా సగమే.

ఈ సంప్రదాయంలో ఒక వింత ఏర్పాటు ఉంది. ఒకే రాత్రి ఒకే నాటకంలో ఒకే పాత్రకు ముగ్గురు నటులు. పడక సీనుకు ఒక కృష్ణుడు, రాయబారానికి ఇంకో కృష్ణుడు, యుద్ధానికి మూడో కృష్ణుడు. హరిశ్చంద్రుడూ అంతే, కాటి సీనుకు వచ్చే హరిశ్చంద్రుడు వేరే మనిషి. కాంట్రాక్టరు తలా ఒక ఊరి నుంచి పిలిపిస్తాడు. వాళ్లు ఒకరినొకరు రంగు పూసుకునే చోటనే కలుస్తారు. రిహార్సలు ఉండదు, దర్శకుడు ఉండడు. పద్యాలు అందరికీ ఒకటే కాబట్టి నాటకం నడిచిపోతుంది. నాటకం అనే మాటకు ఇది అవమానం అని చదువుకున్న విమర్శకులు అంటారు. పాత్ర పోషణ అనే కోణం నుంచి చూస్తే వాళ్ల మాట నిజమే. రాత్రి మొదట్లో ఉన్న ముక్కు తెల్లవారేసరికి మారిపోతే కృష్ణుడి స్వభావం గురించి ఏం మాట్లాడతాం? కాని శ్రోత వైపు నుంచి చూడండి. ముగ్గురి బాణీలను ఒకే రాత్రి పక్కపక్కన పెట్టి పోల్చుకునే అవకాశం అతనికి దొరికింది. పీసపాటి నరసింహమూర్తి బాణీ, షణ్ముఖి ఆంజనేయరాజు బాణీ అని పేర్లు పెట్టి, ఎవరు ఏ మాట ఎలా విరిచారో ఏళ్ల తరబడి చెప్పుకోగలిగే శ్రోతలు తయారయ్యారంటే, ఇలాంటి పోలికలోనే ఆ చెవి పదునెక్కింది. సమీక్షకులు, పత్రికలు చేయాల్సిన పనిని అరుగుల మీద వాదించుకునేవాళ్లే చేసిపెట్టారు.

రాగం నటనను చంపుతుంది అన్న ఆక్షేపణ కొత్తది కాదు. దాన్ని బలంగా వినిపించినవాడు నటుడు బళ్లారి రాఘవ. 1946లో ఆయన పోయేదాకా పాటకంటే సహజమైన నటనకే పెద్దపీట వేశాడు. 1929లో తెనాలిలో మొదలైన ఆంధ్ర నాటక కళాపరిషత్తు తరవాతి కాలంలో వచన నాటకానికి ఊపిరి పోసింది. ఈ వాదాన్ని తేలిగ్గా కొట్టిపారేయకూడదు. కొడుకు శవం ముందు చంద్రమతి గొంతు విరుపులు చూపిస్తుంటే ఒళ్లు మండటం సహజం. చచ్చిన పాత్ర వన్స్ మోర్ కోసం లేచి మళ్లీ పాడి మళ్లీ చచ్చిందన్న హాస్యం ఊరికే పుట్టలేదు. అయితే రాఘవ వాదం కథ తెలియని ప్రేక్షకుణ్ణి దృష్టిలో పెట్టుకున్నది. ఏం జరుగుతుందో అన్న ఉత్కంఠ మీద నడిచే నాటకంలో రాగం అడ్డమే. రాయబారం విఫలమవుతుందని, హరిశ్చంద్రుడు గెలుస్తాడని పుట్టుకతో తెలిసినవాడికి ఆ ఉత్కంఠ అక్కర్లేదు. పల్నాడుకు ఇది బాగా తెలిసిన విషయం. నాగులేరు ఒడ్డున కారెంపూడిలో కార్తీక అమావాస్య నాడు మొదలయ్యే వీరుల ఉత్సవం అయిదు రోజులు రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని సాగుతుంది. అక్కడికి చేరే వేలమందిలో పల్నాటి యుద్ధంలో బాలచంద్రుడి గతి తెలియనివాడు ఒక్కడూ ఉండడు. తెలిసిన కథను ఇంకోసారి వినేవాడు కథనంలోని మెలకువ కోసం వింటాడు. రాగం ఆ వినికిడికి చోటిచ్చింది. రంగస్థల నటుడు స్థానం నరసింహారావు పాటలో ఒక్కో మాటకు ఒక్కో హావభావం చూపి మెప్పించాడంటే, పాటకూ నటనకూ పుట్టువైరం లేదనడానికి అంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

ఇలాంటి తగువు మన దగ్గరే ఉందనుకోనక్కర్లేదు. 1968లో లండన్‌లో పుట్టిన యస్ అనే ప్రోగ్రెసివ్ రాక్ బృందం 1972లో పద్దెనిమిది నిమిషాల పాట ఒకటి చేసి అభిమానుల్ని మురిపించింది. మరుసటి ఏడాది జంట రికార్డు నాలుగు ముఖాలకూ కలిపి నాలుగే పాటలు నింపి విడుదల చేస్తే అదే అభిమానులు చీలిపోయారు. కొందరికి అది శిఖరం, కొందరికి సాగదీత. బృందంలో కీబోర్డు వాయించే రిక్ వేక్‌మన్‌కే అది నచ్చక 1974లో బయటికి నడిచాడు. ఆ బృందంలో మనుషులు మారినకొద్దీ ఇప్పుడున్నది అసలు యస్సేనా అన్న రెండో తగువు కూడా పుట్టింది. మన పద్యనాటకానికి ఆ రెండో చిక్కు లేదు. పద్యం ఏ సమాజం సొత్తూ కాదు, ఎవరి గొంతులో పడితే ఆ రాత్రికి వాళ్లది. సాగదీత గురించిన మొదటి తగువు మాత్రం అచ్చంగా ఇదే. అక్కడా పొడవును తిట్టేవాళ్లూ పొగిడేవాళ్లూ పొడవు దగ్గరే ఆగిపోతారు.

మూలగ్రంథాన్ని పట్టుకుని వేలాడే మూడో జట్టు కూడా ఉంది, చిన్నదే కాని మొండిది. బలిజేపల్లి రాయని పద్యాలు సత్యహరిశ్చంద్రీయంలో ఎందుకు పాడాలి అని వాళ్ల ప్రశ్న. కాటి సీనులో నటులు పాడే పద్యాల్లో జనం గుండెకు పట్టినవి చాలావరకు గుర్రం జాషువా శ్మశానవాటి ఖండికలోవి. జాషువా 1895లో వినుకొండలో, అంటే నేటి పల్నాడు జిల్లాలోనే పుట్టాడు. కులం పేరుతో గడపగడపనా అవమానం ఎదుర్కొన్న కవి. రాజు కాటికాపరిగా నిలబడిన చోట, ఎంతటివాడూ చివరికి ఒకే నేలలో పడుకుంటాడన్న ఆయన పద్యాలు వచ్చి చేరాయి. వాటిని ఏ పరిషత్తూ తీర్మానించి చేర్చలేదు. నటులు పాడారు, జనం అడిగారు, నిలిచిపోయాయి. గ్రంథశుద్ధి పేరుతో వాటిని తీసేస్తే మిగిలే కాటి సీను బలిజేపల్లిదే అవుతుంది, కాని ఈ నేలది కాదు. పురాణ నాటకాలు పాత కట్టుబాట్లనే మోస్తున్నాయన్న విమర్శలో చాలా నిజం ఉంది. ఆ విమర్శ చేసేవాళ్లు ఈ ఒక్క చేర్పును కూడా లెక్కలోకి తీసుకుంటే బాగుంటుంది.

ఇక పద్యం తీసుకునే కాలం సంగతి. గ్రామఫోను రికార్డు ఒక్కో ముఖానికి మూడు నిమిషాలే ఇచ్చింది. అప్పుడే పద్యం కుదించుకోవడం నేర్చింది. సినిమాలో ఘంటసాల ఆ కుదింపును ఒక కళగా చేశాడు. ఆయన పద్యంలో మాట విరుపు స్పష్టం, రాగం చిటికెడు, అదీ సరైన చోట. వేలు నోట్లో పెట్టుకుని ఈలతోనే పద్యం పాడిన కల్యాణం రఘురామయ్య 1960లో శ్రీకృష్ణ రాయబారం సినిమాలో కృష్ణుడయ్యాడు. ఆయన రంగస్థలం మీద ఎలా పాడి ఉంటాడో అందులో లీలగా తెలుస్తుంది. ఇప్పుడు ఫోన్లలో తిరిగే ముక్కలు దీనికి పూర్తిగా వ్యతిరేకమైన పని చేస్తున్నాయి. పద్యాన్ని కోసేసి చివరి ఆలాపన మాత్రం ఉంచుతున్నాయి. అది విని పెరిగిన కుర్ర నటుడు రాగం నేర్చుకుని, పద్యం తరవాత చూద్దామనుకుంటాడు. మొదటి జట్టు గెలిచినట్టు కనిపించే ఈ గెలుపు నిజానికి వాళ్ల కొంపే ముంచుతుంది. మాట లేని రాగం కావాలంటే శాస్త్రీయ సంగీతం ఉంది, అక్కడ ఇంతకంటే శుద్ధంగా పాడేవాళ్లున్నారు. పోటీలు పెట్టే సంస్థలు, తిరునాళ్లకు నాటకం కట్టించే కమిటీలు నటుణ్ణి ఎంచేటప్పుడు ఒక వృత్తాన్ని రాగం లేకుండా చదివించి, అదే పద్యాన్ని మళ్లీ రాగంతో పాడించి చూస్తే చాలు. మొదటిసారి ఎక్కడ ఆగాడో రెండోసారి అక్కడే గొంతు విప్పితే అతనికి రాయబారం సీను అప్పగించవచ్చు.