నాలుగు కంఠములు, ఒక సంఘము

సంఘములో పాట యెవరిది? పాడువారిదా, వినువారిదా? ఈ ప్రశ్నను మనస్సునందుంచుకొని, నూరేండ్లు దాటిన యొక గాయకబృందపు చరిత్రను పరిశీలింతము.

1921లో అమెరికాలోని నాష్‌విల్ పట్టణమందు, ఫెయిర్‌ఫీల్డ్ బాప్తిస్టు సంఘ కాపరియగు కారెథర్స్ గారు తన యిద్దరు కుమారులను, మరియొక బాలుని చేర్చి పాటకు నిలిపిరి. తరువాత నాలుగవవాడు చేరగా ‘ఫెయిర్‌ఫీల్డ్ ఫోర్’ అను పేరు స్థిరపడెను. వీరు నల్లజాతి క్రైస్తవులు. వీరికి కంఠములే వాద్యములు. 1942 మొదలు రేడియో వీరి పాటను దూరప్రాంతములకు చేర్చెను. 1950 తరువాత బృందము చెదరినది; 1980లో పాతవారు మరల కూడిరి. 1998లోను 2016లోను గ్రామీ బహుమానములు పొందిరి.

వీరిలో మంద్రస్వరము పాడిన ఐజక్ ఫ్రీమన్ గారి కంఠము లోతైన బావిలోనుండి వచ్చినట్లుండును. పెక్కు పాటలలో అది పునాదిరాయివలె క్రిందనుండి తక్కిన కంఠములను మోయును. ఒకరు హెచ్చిన ఒకరు తగ్గుట వీరికి తెలియును. ఇది మెచ్చదగిన గుణము.

అయితే ఒక లోపమును చెప్పక తప్పదు. ఆ జనుల పూర్వపు ఆరాధనలో, పుస్తకములును చదువును కరవైనందున, ఒకరు చరణము చెప్పగా సంఘమంతయు దానిని సాగదీసి పాడెడివారు. వీరి నిదానపు పాటలలో ఆ పోకడ నేటికిని వినబడును. కాని నలుగురు నేర్పరులు వేదికనెక్కినప్పుడు తక్కినవారు శ్రోతలైపోవుదురు.

మన పల్లెలలోను ఒకరు చెప్పగా అందరు పాడుటయే వాడుక. పురుషోత్తమ చౌదరి గారి కీర్తనలను అక్షరము రాని అవ్వలు అట్లే కంఠస్థము చేసిరి. మైదుకూరులో మా యౌవనస్థుల కోరికపై నేనే మైకును, కీబోర్డును తెప్పించితిని. కొన్ని నెలలకే అవ్వల గొంతులు వినబడకపోయెను, నేను గమనింపలేదు. ఒక ఆదివారము కరెంటు పోయెను. వెనుక చాపమీదనుండి ఒక అవ్వ పల్లవి యెత్తుకొనెను, గుడియంతయు అందుకొనెను. నేను సిగ్గుపడితిని.

అర్థము గ్రహించి పాడవలెనని పౌలు కొరింథు సంఘమునకు బోధించెను. కావున బృందములను పెంచుడి. కారెథర్స్ గారివలె పిల్లలను పాటకు చేర్చుడి. అయితే చరణము నెత్తి యిచ్చి, పల్లవిని సంఘమునకు విడిచిపెట్టుమని వారికి నేర్పుడి. వెనుక చాపమీది గొంతు వినబడుచున్నదా అని ప్రతి కాపరియు చెవియొగ్గునుగాక.