చక్రం వెనక వైపు

విశాఖలో కారు పాతబడిన సంగతి మొదట చక్రాల దగ్గరే తెలుస్తుంది. బాడీకి శ్రద్ధగా పాలిష్ పెట్టించేవాళ్లు కూడా చక్రాల మీద నాలుగు మగ్గుల నీళ్లు కొట్టి ఊరుకుంటారు. సముద్రపు ఉప్పుగాలి, వానాకాలం బురద, బ్రేకు ప్యాడ్ల నుంచి రాలే నల్లపొడి, అన్నీ చేరేది అక్కడే. ఇనుప రిమ్ అయితే ఎర్రగా తుప్పు పట్టి, దూరానికే కనిపిస్తుంది. అల్యూమినియం అలా బయటపడదు. పైనున్న క్లియర్ పొర కింద తెల్లటి సన్నగీతలు మొదలవుతాయి. తడి మట్టి మీద వానపాము పాకిన జాడలా అవి వంకర్లు తిరుగుతూ సాగుతాయి. కొన్నాళ్లకు ఆ పొర ఉబ్బి, గోటితో గీకితే పెచ్చులుగా లేస్తుంది. కింద తెల్లపొడి.

నా 2004 మోడల్ ఎస్టీమ్ చక్రాలు ఆ స్థితికే వచ్చాయి. 13 అంగుళాల అలాయ్ వీల్స్. కంపెనీ ఇచ్చినవి కావు, నాకన్నా ముందు ఆ కారు నడిపినవాళ్లు వేయించుకున్నవి. కొత్త సెట్ కొనేయమని చెప్పినవాళ్లే ఎక్కువ. కానీ రంగు పోయినంత మాత్రాన మంచి చక్రం పనికిరానిదైపోదు. దాన్ని మళ్లీ నిలబెట్టే పనిని దగ్గరుండి చూడడం, చేతనైనంత నేనూ చేయడం నాకు ఇష్టం.

అసలు అల్యూమినియం తనను తాను బాగానే కాపాడుకుంటుంది. గాలి తగలగానే దాని మీద ఆక్సైడ్ పొర ఏర్పడుతుంది. కంటికి కనిపించనంత పలచన, అయినా గట్టిది. గీత పడినా అక్కడ మళ్లీ పుడుతుంది. దాన్ని ఛేదించగలిగేది ఉప్పులోని క్లోరైడ్. చిన్న రాయి తగిలి క్లియర్ కోట్‌కు సూదిమొనంత రంధ్రం పడితే చాలు, ఉప్పుతేమ లోపలికి చేరి పొర కిందుగా దారి చేసుకుంటుంది. లేత్ మీద ముఖం చెక్కి మెరిపించే డైమండ్ కట్ చక్రాలకు ఈ జబ్బు మరీ ఎక్కువ. పదునైన అంచుల మీద క్లియర్ పలచగా నిలుస్తుంది, తేమ దూరేది అక్కడే.

1924లో ఫ్రాన్స్‌లోని లియోన్‌లో జరిగిన గ్రాండ్ ప్రీ రేసుకు ఎట్టోర్ బుగాటీ తన టైప్ 35 కార్లను పోత అల్యూమినియం చక్రాలతో దించాడు. రేసు కార్ల సొత్తుగా మొదలైన ఆ చక్రం ఇప్పుడు మామూలు సంసారుల కార్లకూ వస్తోంది. మా ఊరికి దానితో దగ్గరి బంధమే ఉంది. దువ్వాడలోని సినర్జీస్ కాస్టింగ్స్ అలాయ్ చక్రాలు పోతపోసి విదేశాలకూ పంపింది. ఇలాంటి చక్రాల్లో చాలావాటికి వాడేది ఏ356 అనే మిశ్రమం. అల్యూమినియంలో సుమారు 7 శాతం సిలికాన్, అర శాతం లోపు మెగ్నీషియం. పోత పోశాక 540 డిగ్రీల సెల్సియస్ ప్రాంతంలో వేడిచేసి, నీళ్లలో చల్లార్చి, మళ్లీ తక్కువ వేడి మీద కొన్ని గంటలు ఉంచుతారు. చక్రానికి బలం వచ్చేది ఆ పాకంలోనే. ఇది తెలిస్తే, రంగు ఊడదీయడానికో సొట్ట తీయడానికో గ్యాస్ మంట పట్టేవాళ్లను చూసినప్పుడు గుండె ఎందుకు గుభేలుమంటుందో అర్థమవుతుంది. మంట తగిలిన చోట ఫ్యాక్టరీ ఇచ్చిన బలం పోతుంది. పైకి ఏమీ తెలియదు.

పని చేయించింది గాజువాక ఆటోనగర్‌లో. మేస్త్రీ వయసులో పెద్దాయన. రంగు ఎన్నాళ్లు పడుతుందని అడిగితే, "రంగేటుంది బాబూ, అరపూట పని. కిందన తోమడంలోనే ఉంది అసలు పనంతా" అన్నారు.

టైరు విప్పకుండా, చుట్టూ పేపరు అంటించి, ముఖం మీద నాలుగు కోట్లు స్ప్రే చేసే పద్ధతి ఊరంతా ఉంది. నాకది సమ్మతం కాదు. టైరు విప్పాలి, పాత బ్యాలెన్సింగ్ ముక్కలు తీసేయాలి, చక్రాన్ని బోర్లించి మొదట వెనక వైపు చూడాలి. గుంతల దెబ్బ ఎక్కువగా తినేది లోపలి అంచు. పగుళ్లు చాలావరకు అక్కడే పుడతాయి, లేదా స్పోకు హబ్బును కలిసే మూల దగ్గర. టైరు కూర్చునే గట్టు మీద తెల్లపొడి పేరుకుంటే గాలి నెమ్మదిగా దిగిపోతుంది. పంక్చర్ ఎక్కడా దొరకదు, వారానికోసారి గాలి మాత్రం కొట్టించాల్సి వస్తుంది. ముఖానికి ఎంత మెరుపు తెచ్చినా ఆ గట్టు శుభ్రం చేయకపోతే పని సగమే అయినట్టు.

పగులు కంటికి ఆనకపోవచ్చు. షిప్‌యార్డులో, స్టీల్ ప్లాంటులో వెల్డింగ్ చూసేవాళ్లకు డీపీ టెస్టు చేతిలో పని. శుభ్రం చేసిన లోహం మీద ఎర్రటి ద్రవం చల్లి పది, పదిహేను నిమిషాలు ఆగుతారు. పైది తుడిచేసి తెల్లటి డెవలపర్ కొడతారు. పగులు ఉంటే లోపల దాగిన ఎరుపు సన్నగీతగా పైకి వస్తుంది. పాత చక్రానికి రంగు వేసే ముందు ఈ పరీక్ష చేయించడం అలవాటు కావాలని నా గట్టి అభిప్రాయం. ఇంత వెల్డింగ్ జ్ఞానం ఉన్న ఊళ్లో అది పెద్ద కష్టమేమీ కాదు.

తర్వాత తోమడం. ముందు షాంపూ నీళ్లు, తారు మరకలకు కిరోసిన్, ఆపైన జిడ్డు పూర్తిగా పోయేలా మళ్లీ కడగడం. జిడ్డు ఉండగానే ఎమ్రీ పడితే ఆ జిడ్డు గీతల్లోకి దిగి, తర్వాత రంగును పట్టనివ్వదు. పాత రంగు తీయడానికి పెయింట్ రిమూవర్ చాలు. కాస్టిక్ సోడాలో ముంచితే త్వరగా ఊడుతుందనేవాళ్లున్నారు. కాస్టిక్ అల్యూమినియాన్నే తినేస్తుంది, మండే హైడ్రోజన్‌ను వదులుతుంది. ఇనుప బ్రష్‌నూ దగ్గరకు రానీయకూడదు. దాని తునకలు మెత్తటి లోహంలో ఇరుక్కుని, రేపు తుప్పు చుక్కలై తేలతాయి.

ఫుట్‌పాత్‌కు రాసుకుని చెక్కుకుపోయిన అంచును ఆకురాయితో నునుపు చేస్తారు. పైపైన మిగిలిన పల్లాలకు కొద్దిగా మెటల్ పుట్టీ. ఆ పైన వాటర్ పేపర్, 240 నుంచి 400 దాకా, ఆపైన 600. ముందటి పేపరు గీతలు పూర్తిగా పోయేదాకా తర్వాతిది అందుకోకూడదు. మేస్త్రీ కళ్లతో చూసేది తక్కువ. తడి చక్రం మీద వేళ్లు ఆడించి, ఒకచోట ఆగి, ఏమీ అనకుండా మళ్లీ అక్కడే తోమేవారు. నా వేలికి ఏమీ తగలని చోట ఆయన వేలికి గుంట తగిలేది. ఆ స్పర్శ ఏ పుస్తకంలోనూ దొరకదు. కొత్త సెట్ కొనేసే కాలంలో ఇంకెంతమంది కుర్రాళ్లు అది నేర్చుకుంటారోనన్న దిగులు నాకుంది.

లోహానికి పట్టే ఎచ్ ప్రైమర్, దానిపై సర్ఫేసర్, తర్వాత సిల్వర్, చివర క్లియర్. సిల్వర్‌లో మెరిసేది అల్యూమినియం రేకు పొడి. తడిగా కొడితే ఒక ఛాయ, పొడిగా కొడితే మరో ఛాయ. అందుకే మేస్త్రీ నాలుగు చక్రాలూ వరుసగా పెట్టి, ముందు స్పోకుల పక్కలు, చివరికి ముఖం, ఒకే చేతివేగంతో కొట్టారు. మబ్బు పట్టిన సాయంత్రం స్ప్రే గన్ ముట్టుకోలేదు. థిన్నర్ ఆరేటప్పుడు ఉపరితలం చల్లబడి, గాలిలోని తేమ దాని మీద దిగుతుంది, పొర తెల్లబారుతుంది. సముద్రం పక్కన పనిచేసేవాడికి ఆకాశం చూడడం కూడా పనిలో భాగమే.

నన్ను బాధపెట్టేది ఒకటుంది. హార్డెనర్ కలిపే క్లియర్‌లో ఐసోసైనేట్లు ఉంటాయి. అవి ఊపిరితిత్తుల్లోకి వెళితే ఆస్తమా తెచ్చిపెట్టగలవు. మన షాపుల్లో కుర్రాళ్లు ముక్కుకు చేతిరుమాలు కట్టుకుని కొడతారు. రుమాలు ఆ ఆవిరిని ఆపలేదు. పనికి తగ్గ మాస్క్, గాలి ఆడే చోటు, ఈ రెండిటి ఖర్చూ మనం ఇచ్చే మజూరీలో ఉండాలి. బేరం ఆడేటప్పుడు ఇది గుర్తుంచుకోండి.

రంగు పట్టకూడని చోట్లూ ఉన్నాయి. హబ్బుకు ఆనే వెనక ముఖం, నట్లు కూర్చునే గుంటలు. అక్కడ మందంగా పొర పడితే ప్రయాణంలో అది నలిగి, నట్లు వదులవుతాయి. బిగించేటప్పుడు ఎదురెదురు నట్లు, టార్క్ రెంచ్‌తో, కారు మాన్యువల్‌లో ఉన్న అంకెకే. సుమారు 100 కిలోమీటర్లు తిరిగాక మళ్లీ ఒకసారి సరిచూడాలి.

రంగు లేకుండా బఫింగ్ చేసి అద్దంలా ఉంచుకోమని అడిగేవాళ్లుంటారు. అందమే. కానీ తీరప్రాంతంలో పైపొర లేని అల్యూమినియం త్వరగా మసకబారుతుంది, పదేపదే తోముకునే ఓపిక ఉండాలి. విశాఖలోనైనా కాకినాడలోనైనా నేను పెయింట్‌కే ఓటేస్తాను.

నా నాలుగు చక్రాల్లో మూడు బాగుపడ్డాయి. నాలుగోదాని లోపలి అంచులో డీపీ టెస్టు సన్నటి ఎర్రగీత చూపించింది. వెల్డింగ్ పెట్టి, పైన పుట్టీ రాసి, సిల్వర్ కొడితే ఎవరికీ తెలిసేది కాదు. మేస్త్రీ ఆ మాటే ఎత్తలేదు. పక్కన పెట్టేశారు. దాని బదులు అదే కొలతల చక్రం ఒకటి వెతికి తెచ్చుకున్నాను.

చదివేవాళ్లకు ఒక్క విన్నపం. పగిలిన అలాయ్ చక్రాన్ని పాత సామాన్ల కొట్టుకు ఇచ్చే ముందు కోత మెషీన్‌తో అంచు కోయించి ఇవ్వండి. కోసినా కరిగించడానికి అది పనికొస్తుంది. ఖనిజం నుంచి కొత్త అల్యూమినియం తీయడానికి పట్టే శక్తిలో సుమారు 5 శాతంతోనే పాతది మళ్లీ లోహమవుతుంది. కోయకుండా ఇస్తే ఎవరో దానికి రంగు వేసి, ఇంకెవరికో అమ్ముతారు.