ముప్పయ్యారు గొప్ప

పోయిన ఆదివారం మా మేనల్లుడు నేలపట్టు వెళ్ళొచ్చి, ఒక్క పూటలో తీసిన నాలుగు వేల ఫొటోలు లాప్‌టాప్‌లో నా ముందు పెట్టాడు. బటన్ నొక్కి పట్టుకుంటే సెకనుకి ఇరవై పడతాయట. ఒకే గూడబాతు, ఒకే రెక్క, రెండొందల సార్లు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఈ కాలమ్ చదివేవాళ్ళకి నా తర్వాతి మాట కంఠతా వచ్చు: "రీలుకి ముప్పయ్యారే! ఆచి తూచి నొక్కేవాళ్ళం." వాడికీ అదే పాట పాడాను.

వాడు వినయంగానే అడిగాడు: "మరి మీరు మొదటిసారి నేలపట్టులో తీసినవి చూపించండి మామయ్యా."

చూపించలేదు. ఎందుకో చెబుతాను.

1988 డిసెంబరు. మెస్సుకని నాన్న పంపిన డబ్బుతో కొన్న ఒక్క రీలు, స్టూడియో ఆయన్ని బతిమాలి తెచ్చుకున్న 200 ఎం.ఎం. లెన్సు. దొరవారిసత్రంలో బస్సు దిగి నడిచాను. చెరువు కట్ట ఎక్కేసరికి, నీళ్ళలో నిలబడ్డ కడప చెట్ల నిండా గూడబాతులు. చెయ్యి ఆగలేదు. పావుగంటలో ముప్పయ్యారూ అయిపోయాయి. తిరుగు బస్సేమో సాయంత్రానికి.

చేసేదేం లేక కూర్చున్నాను. అప్పుడు చెవికెక్కింది, గోలంతా పిల్లలదేనని. పెద్దవి దాదాపు నోరు మెదపవు. ముక్కు మూసినా మధ్యలో సందు మిగిలే నత్తగుల్ల కొంగల్ని అప్పుడే చూశాను. ఎక్కడో మేత ముగించుకుని ఒక గూడబాతు వచ్చి వాలగానే, పిల్ల దాని గొంతుసంచిలోకి తల మొత్తం దూర్చేసింది. ఎవరు ఎవర్ని మింగుతున్నారో అర్థం కాలేదు. ఎద్దులు తోలుకొచ్చిన ఓ పెద్దాయన పక్కన చతికిలబడి, "వాటి రెట్ట కలిసిన నీళ్ళు మా చేలకు ఎరువు నాయనా. ఎవురూ రాయి ఎయ్యరు" అన్నాడు. నేలపట్టు 1976లోనే అభయారణ్యం అయింది గానీ, దాని కాపలా ఎక్కడుందో ఆ మాటతో తెలిసింది.

రీలు కడిగిస్తే పడినవి చెట్లూ, వాటి మీద సున్నపు చుక్కలూ. దుబారా చేశాక చేతిలో మిగిలిన ఆ ఖాళీ మధ్యాహ్నమే నాకు చూడ్డం నేర్పింది. ఇన్నేళ్ళుగా ఆ పేరంతా రీలు పొదుపుకి కట్టబెట్టి, ఊరందరికీ పాఠాలు చెబుతున్నాను.

సంక్రాంతికి వాడు మళ్ళీ వెళ్తున్నాడు, నన్నూ రమ్మన్నాడు. నాలుగు వేలు కాకపోతే ఎనిమిది వేలు తీసుకోనీ. స్పేర్ బ్యాటరీ మాత్రం ఇంట్లో మరిచిపోతే బాగుండును.